సోర్స్ కోడ్ ఎవరి బీరువాలో?

వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. బండి వేబ్రిడ్జి ఎక్కి, బరువు కంప్యూటర్‌లో పడి, స్లిప్పు బయటికొస్తేనే గేటు లోపలికి కదులుతుంది. రైతు లెక్కకూ, లారీ కిరాయికీ, హమాలీ కూలికీ ఆ స్లిప్పే ఆధారం. సర్కారు ఇచ్చిన వడ్లను మరాడించి తిరిగి అప్పజెప్పాల్సిన బియ్యం (సీఎంఆర్) లెక్కా అక్కడే మొదలవుతుంది. క్వింటా వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు ఇవ్వాలి, తేడా వస్తే మిల్లరే జవాబు చెప్పుకోవాలి. ఇంత లెక్కనూ నడిపే సాఫ్ట్‌వేర్‌ను హైదరాబాద్‌లో నలుగురు కుర్రాళ్లు రాసిచ్చారనుకుందాం. ఏటా కొత్త లైసెన్స్ కీ వేయాలి, లేకపోతే అది నడవదు. వాళ్లు కంపెనీ మూసేసి తలో ఉద్యోగంలో చేరిపోయాక, సరిగ్గా సీజన్ మధ్యలో కీ గడువు అయిపోతే ఏంటి దారి? ఫోన్ ఎత్తే వాళ్లుండరు. డేటా కళ్లముందే ఉన్నా ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చలేం. ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత, అంటే సోర్స్ కోడ్, ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉండిపోయింది మరి.

మిల్లులకే కాదు, నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోని ప్రైవేటు ఆస్పత్రులకు, డిగ్రీ కాలేజీలకు, పాల సొసైటీలకు కూడా ఈ ముప్పు ఉంది. ‘డబ్బులిచ్చి చేయించుకున్నాం, సాఫ్ట్‌వేర్ మాదే’ అని యాజమాన్యాలు ధీమాగా ఉంటాయి. చట్టం అలా అనదు. బయటి కంపెనీతో రాయించుకున్న ప్రోగ్రాం మీద కాపీరైట్, రాతపూర్వకంగా బదలాయిస్తే తప్ప, మామూలుగా ఆ కంపెనీదే. కొన్నవారికి దక్కేది వాడుకునే లైసెన్స్ మాత్రమే.

దీనికి విరుగుడు సోర్స్ కోడ్ ఎస్క్రో ఒప్పందం. భూమి బేరంలో బాకీ తీరేదాకా కాగితాలను ఊరి పెద్దమనిషి దగ్గర పెట్టినట్టే, ఇక్కడ కోడ్‌ను మూడో సంస్థ దగ్గర ఉంచుతారు. అమ్మినవారు, కొన్నవారు, ఆ మూడో సంస్థ కలిసి సంతకాలు చేస్తారు. రాసుకున్న షరతు తప్పితేనే కోడ్ కొన్నవారి చేతికొస్తుంది. అదీ సొంత పని నడుపుకోవడానికే, ఇంకొకరికి అమ్ముకోవడానికి కాదు.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. కీలక అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను వెండర్ (సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ) నుంచి తీసుకోవాలని, అది కుదరకపోతే ఎస్క్రో లేదా తత్సమాన ఏర్పాటు చేసుకోవాలని 2023 నవంబర్‌లో ఇచ్చిన ఐటీ గవర్నెన్స్ ఆదేశాల్లో రిజర్వు బ్యాంకు తన కిందున్న బ్యాంకులకు చెప్పింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. ఇక ప్రభుత్వాల సంగతి వేరు. ప్రైవేటు సంస్థ నడిపిన ధరణి భూరికార్డుల పోర్టల్ నిర్వహణను 2024 చివర్లో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీకి మార్పించగలిగిన బలం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. సూర్యాపేటలో పాతిక పడకల ఆస్పత్రి నడిపే డాక్టరుకు ఆ బలం ఎక్కడిది? ఆయనకు ఒప్పందమే దిక్కు.

అయితే, ఒప్పందం రాసుకోవడంతోనే పని అయిపోతుందనుకుంటే పొరపాటు. చాలా చోట్ల ఎస్క్రో అంటే ఒక పెన్‌డ్రైవ్‌ను కవర్లో పెట్టి సీలు వేయడమే. మూడేళ్ల తర్వాత తెరిస్తే అందులో పాత వెర్షన్ ఉంటుంది, లేదా పాస్‌వర్డ్ ఎవరికీ తెలియని జిప్ ఫైలు ఉంటుంది. కోడ్ ఒక్కటే ఉంటే సరిపోదు. డేటాబేస్ నిర్మాణం, వాడుకున్న రెడీమేడ్ కోడ్ లైబ్రరీల్లో ఏది ఏ వెర్షనో చెప్పే జాబితా, ప్రోగ్రాంను తయారుచేసే పద్ధతి, లైసెన్స్ కీలు పుట్టించే చిన్న ప్రోగ్రాం, ఇవన్నీ జమ కావాలి. మొబైల్ యాప్ ఉంటే, అది అసలైనదేనని రుజువు చేసే డిజిటల్ ముద్ర లాంటి సైనింగ్ కీ తప్పనిసరి. అది పోతే అదే యాప్‌కు అప్‌డేట్ ఇవ్వడం గగనమవుతుంది. క్లౌడ్‌లో నడిచేదైతే సర్వర్ ఖాతా వివరాలు లేని కోడ్‌తో పెద్దగా ఒరిగేదేమీ లేదు. రోగుల, విద్యార్థుల అసలు వివరాలు మాత్రం అందులో ఉండకూడదు. ఏడాదికోసారైనా ఒక కొత్త కంప్యూటర్ మీద ఆ కోడ్‌తో ప్రోగ్రాంను మొదటినుంచి తయారుచేయించి చూడాలి. తయారు కాకపోతే ఆఖరి వాయిదా ఆపేయాలి. చెక్కు మన చేతిలో ఉన్నంతవరకే ఈ మాట చెల్లుతుంది. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లన్న, దిగాక బోడి మల్లన్న అన్న సామెత వెండర్లకూ వర్తిస్తుంది!

షరతుల్లో ‘కంపెనీ దివాలా తీస్తే’ అని ఒక్క ముక్క రాసి ఊరుకునే లాయర్లున్నారు. 2016 దివాలా చట్టం కింద ప్రక్రియ మొదలైతే కంపెనీ ఆస్తుల మీద మారటోరియం (తాత్కాలిక నిలుపుదల) వస్తుంది. దివాలా ఒక్కదాన్నే కారణంగా చూపి ఒప్పందం రద్దు చేయడాన్ని గుజరాత్ ఊర్జా వికాస్ నిగమ్ కేసులో సుప్రీంకోర్టు 2021లో ఒప్పుకోలేదు. కోడ్ విడుదల మీదా అలాంటి పేచీకి తావివ్వడం ఎందుకు? ఫలానా లోపాన్ని ఇన్ని రోజుల్లో సరిచేయకపోతే, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) డబ్బు తీసుకుని సపోర్ట్ ఆపేస్తే అని సూటిగా రాసుకోవడం మేలు. వెండర్ అభ్యంతరం చెప్పే గడువు నెలల్లో ఉంటే మిల్లరుకు లాభం లేదు, ఈలోగా సీజనే అయిపోతుంది. లైసెన్స్ ఎన్నేళ్లకో రాయడం మరవొద్దు, రాయకపోతే కాపీరైట్ చట్టం దాన్ని ఐదేళ్లకే లెక్కిస్తుంది.

కోడ్ బయటపడితే మా బతుకేం కావాలన్న వెండర్ల భయం అర్థం చేసుకోదగిందే. నల్గొండ, దివిటిపల్లి ఐటీ టవర్లలో కంపెనీ పెట్టాలనుకునే మన పిల్లలు దీన్ని ఇంకోలా చూడాలి. నలుగురైదుగురే ఉన్న కంపెనీని పెద్ద సంస్థలు నమ్మి పని ఇవ్వాలంటే, ‘మేం లేకపోయినా మీ పని ఆగదు’ అని ఎస్క్రో చూపించడం మంచి ఎత్తుగడ.

అందరికీ ఇది అక్కర్లేదు. బజారులో దొరికే రెడీమేడ్ అకౌంట్ల ప్యాకేజీ వాడే కిరాణా కొట్టుకు డేటా బ్యాకప్ చాలు. ఖర్చు కూడా చూసుకోవాలి, అది సాధారణంగా కొన్నవారి మీదే పడుతుంది. కానీ ఒకే సాఫ్ట్‌వేర్ వాడే మిల్లులన్నీ ఒకే డిపాజిట్ కింద లబ్ధిదారులుగా చేరే వీలుంది. మిర్యాలగూడ మిల్లర్ల సంఘం పూనుకుంటే ఆ ఖర్చు ఎవరికీ బరువు కాదు. జిల్లాల్లో మున్సిపాలిటీలు, మార్కెట్ కమిటీలు, మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలు ప్రైవేటు కంపెనీలతో చేయించుకునే సాఫ్ట్‌వేర్ టెండర్లలో సోర్స్ కోడ్ అప్పగింత లేదా ఎస్క్రో, ఏటా తనిఖీ తప్పనిసరి చేయాలని మేము కోరుతున్నాం. కలెక్టర్లు తలచుకుంటే ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు, టెండర్ పత్రంలో ఒక పేజీ చేరిస్తే చాలు.