వడ్డీలేని అప్పు, కిటికీ పక్క సీటు

"ఆకాశం మిమ్మల్ని ఆహ్వానిస్తోంది! వచ్చే ఏడాది ప్రయాణాలకు ఇప్పుడే బుక్ చేసుకోండి. భారీ తగ్గింపు. ఈ అవకాశం అర్ధరాత్రి వరకే!" అని ఒక విమానయాన సంస్థ నాకు మెసేజ్ పంపింది. అదే రోజు పేపర్లో ఆ సంస్థ గురించే ఇంకో వార్త ఉంది. పైలట్లకు నెలల తరబడి జీతాల్లేవు. లీజుకిచ్చినవాళ్లు విమానాలు వెనక్కి తీసుకుపోతున్నారు. చమురు కంపెనీ ఏ రోజు డబ్బు ఆ రోజు చేతిలో పెడితే తప్ప ట్యాంకు నింపనంటోంది. రేపు పొద్దున విమానం లేస్తుందో లేదో తెలియని సంస్థ, వచ్చే ఏడాది నన్ను ఊరేగిస్తానంటోంది. అవకాశం అర్ధరాత్రి వరకేనట. సంస్థ ఎప్పటి వరకో మాత్రం రాయలేదు.

ఇది టికెట్ల అమ్మకం అనుకునేవాళ్లు అమాయకులు. ఇది అప్పు దరఖాస్తు. డబ్బు ఇవాళ తీసుకుని ప్రయాణం పది నెలల తర్వాత చేయిస్తామనడాన్ని, ఆరోగ్యంగా ఉన్న సంస్థ విషయంలో అడ్వాన్సు బుకింగ్ అంటాం. చేతిలో చిల్లిగవ్వ లేని సంస్థ అదే మాటంటే చేబదులు అడుగుతున్నట్టు. నోటు రాయరు, సాక్షి సంతకం ఉండదు, వడ్డీ ఊసే ఎత్తరు.

బ్యాంకుల దగ్గరికి వెళ్లొచ్చుగా అంటారేమో. వెళ్లారు, పాపం. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ అత్యవసరంగా 400 కోట్లు అడిగితే, స్టేట్ బ్యాంక్ నాయకత్వంలోని బ్యాంకుల బృందం కుదరదంది. ఏప్రిల్ 17 రాత్రి అమృత్‌సర్ నుంచి ముంబైకి బయల్దేరిన విమానమే దాని ఆఖరి విమానం. ఆడిటర్లు, లాయర్లు, లెక్కల పుస్తకాలు అన్నీ చుట్టూ పెట్టుకుని బ్యాంకులు కాదన్న అప్పును, ప్రయాణికుడు సోఫాలో పడుకుని ఒక్క బొటనవేలితో మంజూరు చేస్తాడు. ఓటీపీ కూడా తనే కొడతాడు.

సరే, నన్ను బ్యాంకరును చేశారు కాబట్టి బ్యాంకరులాగే నడుచుకుందామని నిర్ణయించుకున్నాను. ఎండీగారిని ఇంటర్వ్యూకి పిలిచినట్టు ఊహించుకున్నాను. ఆయన వచ్చారు. మంచి సూటు. అప్పు అడగడానికి వచ్చేవాళ్లలో మంచి సూటు వేసుకొచ్చేది ఈ వ్యాపారంవాళ్లే.

"కూర్చోండి. ఎంత కావాలి?"

"ఒక టికెట్ డబ్బులండీ. రానూపోనూ అయితే మరీ సంతోషం."

"ఎప్పుడు తీరుస్తారు?"

"పది నెలల తర్వాత, పొద్దున ఆరు గంటల పది నిమిషాలకి. తమరు రెండు గంటల ముందే వచ్చి లైన్లో నిలబడాలి."

"వడ్డీ?"

ఎండీగారు నొచ్చుకున్నారు. "మీరు మా కుటుంబ సభ్యులండీ. ఇంట్లోవాళ్ల మధ్య వడ్డీలేంటి?"

"పోనీ, తాకట్టు ఏం పెడతారు? విమానాలున్నాయిగా?"

"ఉన్నాయండీ. మావి కావు. లీజువి."

"ఇంజిన్లు?"

"కొన్నిటివి వేరేవాళ్ల ఇంజిన్లండీ. కొన్నిటికి ఇంజిన్లే లేవు."

"ఎయిర్‌పోర్టులో కౌంటరు?"

"అద్దె బాకీ ఉందండీ. ఆ సంగతి ఇక్కడెందుకు?"

"ఆఫీసు బిల్డింగు?"

"అమ్మేసి, అందులోనే అద్దెకుంటున్నాం."

"మరి మీకంటూ సొంతమైనది ఏముందండీ?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. మొహం వెలిగింది. "పేరండీ! బ్రాండు! జనంలో దానికున్న విలువ మీకు తెలీదు."

నాకు తెలుసు. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ పేరునూ లోగోనూ, "ఫ్లై ద గుడ్ టైమ్స్" అనే నినాదంతో సహా, బ్యాంకులు తాకట్టు కింద పెట్టుకున్నాయి. 2016 ఏప్రిల్‌లో వేలం వేశాయి. కనీస ధర సుమారు 366 కోట్లు. ఒక్క పాటా రాలేదు. మంచి రోజులను ఎగరేస్తామన్న నినాదాన్ని ఊరికే ఇచ్చినా ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ అర్థం కాలేదు కాబోలు.

"బ్రాండు వద్దులెండి" అన్నాను.

"అయితే తాకట్టు లేకుండానే ఇవ్వండి. అన్నట్టు, అప్పిస్తున్నందుకు తమరు కన్వీనియెన్స్ ఫీజు కట్టాలి."

"అప్పిచ్చేది నేను, ఫీజు కట్టేదీ నేనేనా?"

"ఇంట్లోంచి కదలకుండా అప్పిస్తున్నారు కదండీ, ఎంత సౌకర్యం! ఇక బాకీని కిటికీ పక్కన కూర్చుని వసూలు చేసుకోవాలనుంటే దానికి వేరే. కాళ్లు చాపుకుని వసూలు చేసుకోవాలంటే ఇంకొంచెం ఎక్కువ. పెట్టె బరువైతే అది ఇంకో లెక్క."

"ఆ రోజు నేను రాలేకపోతే?"

"అప్పు మాఫీ అయినట్టేనండీ. రూల్సులో ఉంది. టిక్కు పెట్టారు కూడా."

"మీరు రాలేకపోతే?"

"అప్పుడు తమరికి క్రెడిట్ ఇస్తాం."

"డబ్బా?"

"క్రెడిట్ అండీ. ఏడాదిలోగా వాడుకోవచ్చు. మళ్లీ మాకే అప్పివ్వడానికి."

లేచి వెళ్తూ, ప్రయాణ బీమా కూడా కలపమంటారా అని అడిగారు. ఆ బీమా కాగితం ఎప్పుడైనా ఓపిగ్గా చదవండి. సూట్‌కేసు పోతే ఇస్తుంది, జ్వరమొస్తే ఇస్తుంది. విమానయాన సంస్థే మూతపడితే చాలా పాలసీలు పైసా ఇవ్వవు, ఆ రక్షణ విడిగా కొనుక్కుంటే తప్ప. అలా విడిగా కొన్నదాంట్లోనూ, ఫలానా సంస్థ చిక్కుల్లో ఉందని లోకానికి తెలిశాక కొన్నామంటే అది చెల్లదనే షరతు ఉంటుంది. ఇల్లు అంటుకున్నాక బీమా అమ్మకూడదని బీమావాళ్లకు తెలుసు. ఇల్లు అంటుకున్నాక అందులో గది అద్దెకివ్వకూడదనే నియమం మాత్రం విమానాలవాళ్లకు లేదు.

"అంత పెద్ద కంపెనీ అండీ, ఏం కాదు" అనేవాళ్లు ప్రతి చోటా ఒకరుంటారు. వాళ్లకు స్విస్‌ఎయిర్ గుర్తుచేయాలి. దాన్ని ముద్దుగా "ఎగిరే బ్యాంకు" అనేవారు, అంత దిట్టమైన సంస్థ అని. 2001 అక్టోబర్ 2న ఇంధనానికి నగదు లేక ఎగిరే బ్యాంకు నేలమీద ఆగిపోయింది. ప్రపంచం డబ్బంతా దాచుకునే దేశంలో, విమానం ట్యాంకు నింపడానికి డబ్బుల్లేవు.

అలాగని దివాలా అనే మాట వినగానే పారిపోవాలనీ లేదు. అమెరికాలో యునైటెడ్ 2002 నుంచి 2006 దాకా, అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2011 నుంచి 2013 దాకా కోర్టు రక్షణలో దివాలా ప్రక్రియ నడుపుతూనే విమానాలూ నడిపాయి. జనం ఎక్కారు, దిగారు. మన దగ్గరా 2014 డిసెంబర్‌లో చమురు కంపెనీలు ఇక అరువు ఇవ్వబోమనేసరికి స్పైస్‌జెట్ విమానాలు దాదాపు సగం రోజు కదల్లేదు. తర్వాత కొత్త డబ్బు వచ్చింది, విమానాలు లేచాయి. కాబట్టి చూడాల్సింది సంస్థ నష్టాల్లో ఉందా అని కాదు. ఈ వ్యాపారంలో నష్టం రావడం వార్తే కాదు. రేపటి ఇంధనానికి నగదు ఇచ్చే నాథుడు ఎవరైనా ఉన్నాడా అన్నదొక్కటే చూడాలి. ఉన్నాడని ఎండీగారు చెబితే లెక్కలోకి రాదు. "పెట్టుబడిదారులతో చర్చలు తుది దశలో ఉన్నాయి" అన్న మాట ఎన్ని మూతపడ్డ సంస్థలు అనలేదు కనుక?

విమానం కూలిపోతుందేమో అని భయపడేవాళ్లూ ఉన్నారు. పూర్తిగా కొట్టిపారేయలేం. ఆగిపోయిన విమానంలోంచి భాగాలు ఊడదీసి తిరిగే విమానానికి బిగించే పని ఈ దశలో జరుగుతుంది. అందుకే డబ్బు కటకట ఉన్న సంస్థల మీద నియంత్రణ సంస్థలు తనిఖీలు పెంచుతాయి. కానీ ఎక్కువమంది ప్రయాణికులకు జరిగేది అది కాదు. అసలు లేవని విమానం ఎక్కడ కూలుతుంది? 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ విమానాన్ని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కార్గో ఏజెంటు బాకీ కింద పట్టించి ఆపేశాడు. పైలట్ బాగున్నాడు, ఇంజిన్ బాగుంది, వాతావరణం బాగుంది. అప్పులవాడు గేటు దగ్గర నిలబడ్డాడు.

గో ఫస్ట్ కథ గుర్తుందా? 2023 మే 2న దివాలా పిటిషన్ వేసింది. మే 3 నుంచి విమానాలు ఆగాయి. మొదట రెండు మూడు రోజులకే అన్నారు. తర్వాత ఇంకొన్నాళ్లు అన్నారు. తర్వాత నెలాఖరు. ప్రతిసారీ "కార్యనిర్వహణ కారణాల వల్ల" రద్దు చేస్తున్నామనే ప్రకటన, దాని చివర "త్వరలో బుకింగులు ప్రారంభిస్తాం" అనే తియ్యని కబురు. 2025 జనవరిలో ట్రిబ్యునల్ ఆ సంస్థను ఇక అమ్మేసి లెక్క తేల్చమంది. ఇందులో నన్ను కుదురుగా కూర్చోనివ్వని తేదీ ఒకటుంది. టికెట్ల అమ్మకం తక్షణం ఆపమని నియంత్రణ సంస్థ గో ఫస్ట్‌ను ఆదేశించింది మే 8న. విమానాలు ఆగిన ఐదు రోజుల తర్వాత!

ఒక సంస్థ చచ్చిపోతున్నప్పుడు ఒక్కొక్కటే ఆగిపోతాయి. ముందు జీతాలు. తర్వాత పీఎఫ్. తర్వాత విడిభాగాలు, ఇంధనం, విమానాలు. అన్నీ ఆగిపోయాక కూడా చివరిదాకా కొట్టుకుంటూ ఉండేది టికెట్లు అమ్మే పేజీ ఒక్కటే. దాన్ని ఆపడానికి మాత్రం ప్రభుత్వం ఉత్తర్వు పంపాలి. ఇది పొరపాటు కాదు. పొరపాటైతే ఒక్కసారైనా ప్రయాణికుడికి లాభం జరిగేలా జరిగి ఉండేది. ఎప్పుడూ జరగలేదు. పై అంతస్తులో కూర్చున్నవాళ్లకు నగదు ఎన్ని రోజులకు సరిపోతుందో తెలుసు. రోజూ సాయంత్రం ఆ లెక్క వాళ్ల టేబుల్ మీదికి వస్తుంది. తెలిసీ, పెళ్లికెళ్లేవాడి దగ్గరా, ఆస్పత్రికెళ్లేవాడి దగ్గరా, మొదటిసారి విమానం ఎక్కుదామని దాచుకున్నవాడి దగ్గరా డబ్బు లాక్కుంటారు. దాన్ని సేల్ అంటారు. నేనైతే వేరే మాట అంటాను, ఇక్కడ అచ్చువేయనివ్వరు.

ఆ తిట్లు తినేది ఎవరో చూడండి. కౌంటర్లో నిలబడ్డ అమ్మాయి. నెలల తరబడి జీతం లేకుండా యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వచ్చిన అమ్మాయి. 2012లో కింగ్‌ఫిషర్ ఉద్యోగులు నెలలకు నెలలు జీతాల్లేకుండా పనిచేశారు. ఆ అక్టోబర్‌లో ఢిల్లీలో ఒక ఉద్యోగి భార్య, భర్తకు జీతం రాక ఇల్లు గడవడం లేదని కాగితం రాసిపెట్టి ప్రాణం తీసుకుంది. యజమాని 2016 మార్చిలో దేశం దాటి వెళ్లాడు. ఆయనకు విమానం దొరికింది.

అంతా అయ్యాక మిగిలినదాన్ని పంచుకునే వరుసలో ప్రయాణికుడిది ఎక్కడో తోకలో చోటు. ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు, తాకట్టున్న బ్యాంకులు, కార్మికుల బకాయిలు. వాళ్లంతా అయ్యాక ఇంకా ఏమైనా ఉంటే, ఫారం నింపినవాళ్లకు. బ్రిటన్‌లో 2019 సెప్టెంబర్ 23న థామస్ కుక్ మూతపడితే, విదేశాల్లో చిక్కుకున్న లక్షన్నర మందికి పైగా పర్యాటకుల్ని వెనక్కి తీసుకురావడానికి ప్రభుత్వ యంత్రాంగం వరుసగా విమానాలు పంపింది. ప్యాకేజీ యాత్రలకు అక్కడ రక్షణ నిధి ఉంది కాబట్టి ఆ దిక్కు. నిధి లేనిచోట సలహా దొరుకుతుంది. అదే ఏడాది మార్చి 28న ఐస్‌లాండ్ సంస్థ వావ్ ఎయిర్ మూతపడుతూ, వేరే సంస్థల విమానాలు చూసుకోండని తన ప్రయాణికులకు చెప్పింది. ఇన్నాళ్లలో ఆ సంస్థ నిజాయితీగా చెప్పిన ప్రయాణ సలహా అదొక్కటే అయి ఉంటుంది. ఒక్క రోజు ముందు చెప్పి ఉంటే బాగుండేది.

కాబట్టి రుణ మంజూరు కమిటీ, అంటే నేను, ఈ దరఖాస్తును పరిశీలించి కొన్ని షరతులు పెట్టింది. ఈ వారంలో తీరే అప్పయితేనే ఇస్తాం. వచ్చే ఏడాది, వచ్చే పండగ, వచ్చే వేసవి లాంటి మాటలు మా దగ్గర చెల్లవు. క్రెడిట్ కార్డుతో మాత్రమే చెల్లిస్తాం, వాలెట్లూ నేరు బదిలీలూ కుదరవు. సేవ అందకపోతే కార్డు కంపెనీ దగ్గర ఫిర్యాదు పెట్టి డబ్బు వెనక్కి అడిగే దారి కార్డులో ఉంది. పైగా కార్డు లావాదేవీలు నడిపే సంస్థలు, విమానయాన సంస్థ మీద అనుమానం కలిగితే ప్రయాణం జరిగేదాకా టికెట్ల డబ్బు తమ దగ్గరే ఆపుకుంటాయి. ఎండీగారిని వాళ్లే నమ్మనప్పుడు నేను నమ్మడం మర్యాదగా ఉండదు. క్రెడిట్ ఇస్తామంటే తీసుకోం. పాయింట్లు ఇస్తామంటే అసలే తీసుకోం, ఉన్నవి ఇవాళే ఖర్చుపెట్టేస్తాం.

వెళ్లక తప్పక, వేరే విమానం లేక అందులోనే ఎక్కాల్సి వస్తే, వెళ్లేటప్పటి టికెట్ మాత్రమే అక్కడ కొనండి. తిరుగు టికెట్ జీతాలిస్తున్న సంస్థ దగ్గర కొనండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. ఎందుకంటే ఒక సంస్థ మూతపడ్డ మర్నాడు మిగతా సంస్థల టికెట్ ధరలు ఎంత పెరుగుతాయో వాళ్ల చేతిలో ఉంటుంది, మీరు వేరే ఊళ్లో ఉంటారు. ఏదీ కుదరకపోతే రైలుంది. ఆలస్యంగా వస్తుందన్నది నిజమే. కానీ ఇంజిన్ మాదంటూ మధ్య స్టేషన్లో ఎవడూ వచ్చి విప్పుకుపోడు.