సవరణ: ఆసుపత్రిలో గుడ్డ డైపర్లు

"పుట్టిన బిడ్డకు ఆసుపత్రిలో గుడ్డ డైపర్లే చాలు" అని మొన్న రాసిన మాటకు చిన్న సవరణ. అది తల్లి పక్కనే ఉన్న బిడ్డ సంగతి. ఎన్‌ఐసీయూలోనో (పసిపిల్లల ప్రత్యేక చికిత్స గది), పసిరికలకు (కామెర్లకు) ఫొటోథెరపీ లైట్ల కిందో ఉంటే నర్సులు చెప్పిందే వాడాలి.

ఇంకొకటి. మొదటి రెండు మూడు రోజులు విరేచనం నల్లగా, తారులా అంటుకుంటుంది. మరక ఓ పట్టాన వదలదు. కొత్తవి ఇంట్లోనే ఉంచి, ఉతికి ఎండలో ఆరేసిన పాత పంచె ముక్కలు పట్టుకెళ్లండి, పారేసినా బాధ ఉండదు. (అమ్మమ్మలు ఎప్పటినుంచో చెబుతున్నదే, మనమే వినం.) గుడ్డ కట్టేటప్పుడు ముడి బొడ్డుతాడుకు కిందే పడాలి.

తడి లెక్క, అంటే బిడ్డ రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోసిందన్నది, మాత్రం గుడ్డతోనే తేలిక: మొదటి రోజు కనీసం ఒకసారి, రెండో రోజు రెండు, ఐదో రోజు దాటాక ఆరు. తగ్గితే డాక్టరుకు చెప్పండి.