ఎంక్యాట్ ఎప్పుడు రాయాలి? తొందర వెనుక ఉన్న లెక్కలు

అమెరికాలో డాక్టరు కావాలనే లక్ష్యంతో నాలుగేళ్ల డిగ్రీ చదువుతున్న పిల్లలున్న ఇళ్లలో, రెండో ఏడు ముగిసేసరికి వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష అయిన ఎంక్యాట్ ఎప్పుడు రాయాలన్న చర్చ మొదలవుతుంది. చాలామంది ముందు ఒక తేదీ ఖాయం చేసుకుని, ఆ తర్వాత చదువును అందులో ఇరికించడానికి నానా పాట్లు పడతారు. తోటి విద్యార్థులు ఏప్రిల్‌లో రాస్తున్నారనో, తెలిసిన సీనియర్ ఒకరు జనవరిలో రాసి సీటు తెచ్చుకున్నారనో, దగ్గరి పరీక్షా కేంద్రంలో ఖాళీలు త్వరగా నిండిపోతాయనో తేదీ ముందే కుదిరిపోతుంది. ఈ వరుస తలకిందులైనదని నా అభిప్రాయం. అవసరమైన కోర్సులు ఎప్పటికి పూర్తవుతాయి, పరీక్ష చదువుకే కేటాయించగలిగే వారాలు ఏడాదిలో ఎక్కడ దొరుకుతాయి, నమూనా పరీక్షల్లో స్కోరు ఎక్కడ నిలకడగా ఉంటోంది అన్నవి తేలిన తర్వాతే తేదీ తేలాలి. అలా తేలిన తేదీ ఈ ఏటి దరఖాస్తుకు అందకపోతే, సగం చదువుతో పరీక్షకు కూర్చోవడం కంటే దరఖాస్తునే ఒక ఏడాది వాయిదా వేసుకోవడం మేలు.

ఇక్కడి తెలుగు తల్లిదండ్రులకు ఇది అలవాటు లేని సమస్య. వారు ఎదిగిన కాలంలో ఎంసెట్ ఏడాదికి ఒక్కసారే జరిగేది; ఇప్పటి నీట్ కూడా అంతే. ప్రకటించిన రోజున వెళ్లి రాయడమే తప్ప రోజును ఎంచుకునే పని విద్యార్థికి ఉండదు. ఎంక్యాట్‌ను నిర్వహించే అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ మెడికల్ కాలేజెస్, అంటే ఏఏఎంసీ, జనవరిలో కొన్ని రోజులు, ఆ తర్వాత వసంతం నుంచి సెప్టెంబరు వరకు మరెన్నో రోజులు పరీక్ష పెడుతుంది. ఒక ఏడాదిలో 3 సార్లు, వరుసగా రెండేళ్లలో 4 సార్లు, జీవితకాలంలో 7 సార్లు రాయవచ్చు. ఇన్ని అవకాశాలున్నప్పుడు ఒకసారి రాసి చూస్తే పోయేదేముంది అన్న మాట ఇక్కడే పుడుతుంది. పోయేది చాలానే ఉంది. నీట్‌లో నిరుడు వచ్చిన మార్కులు ఈ ఏటి ర్యాంకును తాకవు. ఎంక్యాట్‌లో స్కోరు వెలువడిన ప్రతి ప్రయత్నమూ దరఖాస్తుతో పాటు కళాశాలలకు వెళుతుంది. కొన్ని కళాశాలలు అత్యధిక స్కోరుకు విలువనిస్తాయి, కొన్ని చివరిదాన్ని చూస్తాయి, మరికొన్ని అన్నింటినీ కలిపి చూస్తాయి. 528 గరిష్ఠమైన ఈ పరీక్షలో సన్నద్ధత లేకుండా తెచ్చుకున్న 498, ఆ తర్వాత ఏడాది కష్టపడి తెచ్చుకున్న 513 పక్కనే కనిపిస్తూ ఉంటుంది. ఇటీవలి ఏళ్లలో ఎండీ కళాశాలల్లో, అంటే డాక్టరు పట్టాగా ఎండీని ఇచ్చే వైద్య కళాశాలల్లో, చేరినవారి సగటు స్కోరు 511, 512 దగ్గర ఉంటోందన్నది గుర్తుంచుకుంటే, ఆ 498 మోసే బరువు ఎంతో అర్థమవుతుంది.

పరీక్ష నిర్మాణాన్ని దగ్గరగా చూస్తే ఏ తేదీలు మరీ తొందరవో దానంతటదే తెలుస్తుంది. 2015లో ఎంక్యాట్ రూపురేఖలు మారాయి. ఇప్పుడు నాలుగు భాగాలు, 230 ప్రశ్నలు, రాసే సమయమే 6 గంటల 15 నిమిషాలు. విరామాలు కూడా కలిపితే కేంద్రంలో గడిపేది సుమారు 7 గంటల 30 నిమిషాలు. ఒక్కో భాగానికి 118 నుంచి 132 వరకు, మొత్తంగా 472 నుంచి 528 వరకు స్కోరు వస్తుంది. నాటి మార్పుతోనే బయోకెమిస్ట్రీకి పెద్దపీట పడింది, సైకాలజీ, సోషియాలజీ కొత్తగా వచ్చి చేరాయి. ఏఏఎంసీ చెప్పే విభజన ప్రకారం, జీవశాస్త్ర భాగంలో సుమారు నాలుగో వంతు, రసాయన, భౌతిక శాస్త్రాల భాగంలోనూ సుమారు నాలుగో వంతు ప్రశ్నలు బయోకెమిస్ట్రీ మొదటి సెమిస్టర్ కోర్సు నుంచే వస్తాయి. ఒక్కో భాగంలో 59 ప్రశ్నలు కాబట్టి, ఒక్క కోర్సు మీదే దాదాపు 30 ప్రశ్నలు ఆధారపడి ఉన్నట్టు లెక్క. సాధారణ క్రమంలో జనరల్ కెమిస్ట్రీ, ఆపైన ఆర్గానిక్ కెమిస్ట్రీ ముగించాకే బయోకెమిస్ట్రీకి చేరతారు, అంటే చాలామందికి అది మూడో ఏట గాని అందదు. రెండో ఏడు ముగిసిన వేసవిలోనే పరీక్ష రాసేయాలని పట్టుబట్టేవారు ఈ ఒక్క విషయం చూసుకున్నా వెనక్కి తగ్గుతారు. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి కోర్సులు చదివి తెచ్చుకున్న ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్రెడిట్లతో ముందుకు జరిగిన కొద్దిమంది మాత్రమే దీనికి మినహాయింపు.

ఎవరూ తగినంతగా లెక్కలోకి తీసుకోని భాగం మరొకటి ఉంది. కార్స్ అని పిలిచే పఠనావగాహన భాగంలో 9 గద్యభాగాలు, 53 ప్రశ్నలు, 90 నిమిషాలు ఉంటాయి. తత్వశాస్త్రం, కళావిమర్శ, చరిత్ర, నీతిశాస్త్రం వంటి రంగాల నుంచి తీసుకున్న ఆ భాగాలకు ముందస్తు పరిజ్ఞానం ఏదీ అక్కర్లేదు, రచయిత వాదన ఎటు పోతోందో పట్టుకోగలిగితే చాలు. కానీ ఆ పట్టు ఆరు వారాల్లో రాదు. సైన్సు పుస్తకాలు తప్ప మరేదీ చదవని విద్యార్థికి ఇది నెలల తరబడి రోజూ చదివితే గాని అలవడని విద్య. మొదటి నమూనా పరీక్షలో మిగతా మూడు భాగాలు బాగుండి ఇదొక్కటే 123, 124 దగ్గర ఆగిపోతే, ఆ విద్యార్థికి అన్నింటికంటే ఎక్కువగా కావలసింది వ్యవధి.

ఇక గంటల సంగతి. ఈ పరీక్షకు 300 గంటల చదువు అవసరమన్నది సలహాదారుల నోట తరచూ వినిపించే మాట. వారానికి 25 గంటలు కూర్చోగలిగితే 12 వారాల్లో అది పూర్తవుతుంది. తరగతులతో పాటు వారానికి 10 గంటలే దొరికితే 30 వారాలు పడుతుంది, అప్పటికి మొదట్లో చదివిన ఫిజిక్స్ మళ్లీ మొదటికి వస్తుంది. మూడో ఏట ఏప్రిల్ పరీక్షకు పేరిచ్చిన విద్యార్థికి మార్చిలో ఒక వారం ఎలా గడుస్తుందో ఊహించండి. రెండు మధ్యాహ్నాలు ల్యాబ్‌కు పోతాయి, వారం మధ్యలో ఒక మిడ్‌టర్మ్ ఉంటుంది, శుక్రవారం ఆసుపత్రిలో వాలంటీరు పని ఉంటుంది. మిగిలిన శనివారం ఉదయం ఎనిమిదికి నమూనా పరీక్ష మొదలుపెడితే ముగిసేసరికి మూడున్నర అవుతుంది. తప్పు పోయిన ప్రశ్నలను తిరగేసి చూసుకోవడానికి కనీసం అంత సమయమూ కావాలి. సూత్రం తెలియక పోయిందా, గ్రాఫులోని అక్షాలను తారుమారుగా చదివినందువల్ల పోయిందా, చివరి గద్యభాగానికి వచ్చేసరికి సమయం చాలక ఊహించి పెట్టిందా అన్నది ఒక్కో ప్రశ్నకూ విడిగా రాసుకోవాలి, ఎందుకంటే ఆ మూడింటికీ మందులు వేరు. నిజానికి స్కోరు పెరిగేది ఈ సమీక్షలోనే. ఆదివారం ల్యాబ్ రిపోర్టు రాయవలసి రావడంతో మొదట ఎగిరిపోయేదీ ఇదే. పైగా ఆ సెమిస్టర్‌లో గ్రేడు తగ్గితే అది శాశ్వతంగా జీపీఏలో, అంటే డిగ్రీ గ్రేడ్ల సగటులో, కలిసిపోతుంది. పరీక్షను వాయిదా వేసుకోవచ్చు, సెమిస్టర్‌ను వాయిదా వేసుకోలేం. కాబట్టి తరగతులు నడుస్తుండగా వసంతంలో రాయడం, ఆ సెమిస్టర్‌లో తేలికపాటి కోర్సులు పెట్టుకుని, శీతాకాలపు సెలవుల్లోనే సగం చదువు ముగించుకున్నవారికి మాత్రమే తగిన దారి.

తొందరకు అసలు మూలం దరఖాస్తుల క్యాలెండరు, అది కొట్టిపారేయదగినది కాదు. ఎండీ కళాశాలల్లో అత్యధిక భాగానికి ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ అయిన ఆమ్‌కాస్ మే మొదట్లో తెరుచుకుంటుంది, మే చివర లేదా జూన్ మొదట్లో దరఖాస్తు సమర్పించవచ్చు, జూన్ చివరి నుంచి అవి కళాశాలలకు చేరడం మొదలవుతుంది. చాలా కళాశాలలు వచ్చినవాటిని వచ్చినట్టే పరిశీలిస్తూ ఇంటర్వ్యూలకు పిలుస్తూ పోతాయి కాబట్టి, ఆలస్యంగా చేరిన దరఖాస్తుకు మిగిలే చోటు తక్కువ. అయితే ఈ భయం ఒక్కోసారి హద్దు మీరుతోంది. ఆమ్‌కాస్ వారు విద్యార్థి గ్రేడ్లను సరిచూసే పనికి ఎంక్యాట్ స్కోరుతో నిమిత్తం లేదు, రద్దీ రోజుల్లో ఆ పనికే కొన్ని వారాలు పడుతుంది. జూన్ మధ్యలో పరీక్ష రాసే విద్యార్థి ఆ నెల మొదట్లోనే దరఖాస్తు పంపేస్తే, సుమారు నెల తర్వాత స్కోరు వచ్చే నాటికి గ్రేడ్ల పరిశీలన కూడా ముగింపుకు వస్తుంది. అందువల్ల ఏప్రిల్ నుంచి జూన్‌కు జరగడం వల్ల పోయేది స్వల్పమే. ఆగస్టు మాట వేరు. ఆ నెల చివర రాస్తే స్కోరు వచ్చేసరికి సెప్టెంబరు చివరి రోజులు, అప్పటికి ఇంటర్వ్యూలు సాగుతూ ఉంటాయి. పైగా జూలై, ఆగస్టు నెలల్లో ప్రతి కళాశాలా విడివిడిగా అడిగే అనుబంధ వ్యాసాలు పరీక్ష చదువు మీద వచ్చి పడతాయి, దాంతో రెండూ చెడతాయి.

అదే ఆగస్టు తేదీని మరుసటి ఏటి దరఖాస్తు కోసం వాడుకుంటే అంతకంటే మంచి ఏర్పాటు కనిపించదు. మూడో ఏడు ముగిశాక బయోకెమిస్ట్రీ తాజాగా ఉంటుంది, వేసవిలో 12 వారాలు ఖాళీగా దొరుకుతాయి, స్కోరు వచ్చాక మే వరకు ఏడు నెలలకు పైగా మిగులుతాయి. ఏ కళాశాలలకు దరఖాస్తు చేయాలో స్కోరు చేతిలో ఉంచుకుని నిర్ణయించుకోవచ్చు. దీనికి చెల్లించవలసిన మూల్యం డిగ్రీ తర్వాత ఒక గ్యాప్ ఇయర్. మన కుటుంబాల్లో ఆ మాట వినగానే పిల్లవాడు ఏడాది వెనకబడ్డాడన్న దిగులు కమ్ముకుంటుంది. నిజానికి అమెరికా వైద్య కళాశాలల్లో చేరుతున్నవారిలో సగానికి మించి డిగ్రీకీ మెడిసిన్‌కూ మధ్య కనీసం ఒక ఏడాది గడిపి వస్తున్నవారే. పరిశోధనశాలలోనో క్లినిక్‌లోనో గడిచిన ఆ ఏడాదిని కళాశాలలు లోపంగా చూడవు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: చాలా కళాశాలలు రెండు మూడేళ్లకు మించి పాతబడిన స్కోరును ఒప్పుకోవు, కాబట్టి రెండు మూడేళ్లు ఆగి చేరాలనుకునేవారు మరీ ముందుగా రాసినా చిక్కే.

గ్యాప్ ఇయర్ అందరికీ ఒకేలా ఉండదన్నదీ నిజమే. తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉండి గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న ఇళ్లలో, పిల్లలకు 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల మీద ఆధారపడి వచ్చిన హెచ్-4 హోదా పోతుంది, విద్యార్థి హోదా అయిన ఎఫ్-1కు మారవలసి వస్తుంది. డిగ్రీ తర్వాత ఓపీటీ, అంటే ఎఫ్-1 విద్యార్థులకు ఇచ్చే తాత్కాలిక పని అనుమతి, కింద 12 నెలలు పని చేయవచ్చు, అర్హత ఉన్న సైన్సు డిగ్రీలకు మరో 24 నెలలు పొడిగింపు ఉంది; కానీ ఆ పని చదివిన రంగానికి చెందినదై ఉండాలి, నిరుద్యోగంగా గడిపే రోజులకు పరిమితి ఉంటుంది. అంటే వీరికి ఖాళీ ఏడాది అంటూ ఉండదు, డిగ్రీ ముగియకముందే ఉద్యోగం చూసుకోవాలి. ఈ ఒత్తిడి వల్ల తొందరగా రాసేయాలనిపించడం సహజం. అయినా శాశ్వత నివాసం లేనివారిని చేర్చుకునే వైద్య కళాశాలలు తక్కువ కాబట్టి, తడబడిన స్కోరు తక్కినవారికంటే వీరికే ఎక్కువ నష్టం చేస్తుంది. వీరి విషయంలో వీసా లెక్క రెండో ఏట మొదలుకావాలి, బయోకెమిస్ట్రీని ఎంత వీలైతే అంత ముందుకు తెచ్చుకునేలా కోర్సుల వరుసను అప్పుడే దిద్దుకోవాలి.

తేదీకి పేరిచ్చాక కూడా నిర్ణయం పూర్తయినట్టు కాదు. వాయిదా వేసుకోవడానికి ఏఏఎంసీ పరీక్షకు 60, 30, 10 రోజుల ముందు గడువులు పెట్టింది. ఆలస్యమయ్యేకొద్దీ రుసుము పెరుగుతుంది, చివరి 10 రోజుల్లో తేదీ మార్చడానికి వీలుండదు. అందువల్ల ఏఏఎంసీ తయారుచేసిన అధికారిక నమూనా పరీక్షల్లో రెండింటినైనా, 30 రోజుల గడువు ముగియకముందే, పరీక్ష రోజు పాటించే సమయాలతో రాసి చూసుకోవాలి. అసలు స్కోరుకే 2 పాయింట్లు అటూ ఇటూ తేడా ఉండవచ్చని ఏఏఎంసీ చెబుతుంది, కాబట్టి ఒక్క నమూనా పరీక్షలో 511 వచ్చిందని పొంగిపోకూడదు. రెండు మూడింటి సగటు లక్ష్యానికి 2 పాయింట్ల దగ్గర ఉంటే రాయవచ్చు. 5, 6 పాయింట్లు దూరంగా ఉంటే మిగిలిన నెలలో అది పూడుతుందని ఆశపడటం కంటే వాయిదా రుసుము కట్టడం చవక. ఈ హద్దును పేరిచ్చిన రోజే ఇంట్లో అందరూ కలిసి కాగితం మీద పెట్టుకోవాలి. గడువు రోజున కూర్చుని ఆలోచిస్తే అప్పటికే పెట్టిన ఖర్చు, బంధువులకు చెప్పేసిన మాట, అలసట, అన్నీ కలిసి రాసేయమనే చెబుతాయి. పరీక్ష చివర తెర మీద స్కోరు వద్దని రద్దు చేసుకునే అవకాశం ఉంది కదా అని కొందరు దాని మీద భరోసా పెట్టుకుంటారు. రద్దు చేసిన పరీక్ష కళాశాలలకు కనిపించదు గాని 7 ప్రయత్నాల్లో ఒకటిగా లెక్కకు వస్తుంది, తర్వాత మనసు మార్చుకున్నా స్కోరు తిరిగి రాదు. ఏడు గంటలు కూర్చుని అలసిన మనిషికి అది నిర్ణయించుకోవడానికి దొరికేది కొద్ది నిమిషాలే, అందువల్ల ఆ అవకాశాన్ని పరీక్ష మధ్యలో ఒంట్లో బాగాలేక సగం ప్రశ్నలు వదిలేయవలసి వచ్చినవారికే వదిలిపెట్టడం మంచిది.