పిల్లలు తెచ్చినాక గూడు కడతారా?

అట్టపెట్టెలో యాభై నాటుకోడి పిల్లలు వరండాలో కీచుకీచుమంటా ఉంటాయి. పక్కనే ఇంటాయన ఫోను పట్టుకొని "అన్నా, వీటికి గూడు ఎంత సైజు కట్టాల? యాడ కట్టాల?" అని అడగతా ఉంటాడు. ఇదేం వరస సామీ? ఆవును తోలుకొచ్చే ముందు కట్టుగొయ్య పాతుతాం. కోడిపిల్ల దగ్గరికి వచ్చేసరికి ముందు సరుకు, తర్వాత ఇల్లు. వారం తిరిగేలోపు యాభైలో పదిహేను పోతాయి. అప్పుడు మందుల అంగడికి పరుగు. ఏ సీసా ఇచ్చినా పోసేది నీళ్లలోనే, పోయేది డబ్బే.

చిన్న కోడిపిల్లల చావుల్లో ఎక్కువ భాగం చలి, తడి, గాలాడకపోవడం వల్లనే. రోగం వాటి వెనకాలే వస్తుంది. మందుల మీద పెట్టే డబ్బులో సగం ఊక మీద, మెష్ (ఇనుప వల) మీద, రెండు బల్బుల మీద పెడితే ఆ అంగడికి వెళ్లే పనే చాలావరకు తప్పుతుంది.

ఈ మాట అంటే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది: "మా అవ్వ గంప కింద పెంచింది, బల్బులు పెట్టిందా, థర్మామీటరు పెట్టిందా?" పెట్టలేదు. ఆ గంప కింద తల్లికోడి ఉంది కదా! కోడి ఒంటి వేడి దగ్గర దగ్గర 41 డిగ్రీలు. చలేస్తే రెక్క కిందికి లాక్కుంటుంది, ఉక్కపోస్తే వదిలేస్తుంది, గింజ చూపిస్తుంది, కాకి వస్తే మీద పడుతుంది. అదీ పది పన్నెండు పిల్లలకే. తల్లి లేని యాభై పిల్లల్ని మిషన్‌లో పొదిగించి కొనుక్కొచ్చినప్పుడు ఆ పనులన్నీ మన మీద పడ్డాయని అర్థం. అవ్వ గంపను గుర్తుపెట్టుకున్నోళ్లు అందులోని పెట్టను మర్చిపోతున్నారు.

బల్బు సంగతే చూడండి. మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో, అంటే ఊకకు రెండంగుళాల పైన, 35 డిగ్రీలు ఉండాలి. వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. రెండో వారం 32, మూడో వారం 29, నాలుగో వారం 26. పిల్లకు ఒక వాట్ చొప్పున లెక్క, చలికాలం అయితే రెండు. అంటే యాభై పిల్లలకు అరవై వాట్ల గుండు బల్బులు ఒకటి లేదా రెండు. ఒక్క బల్బుతో సరిపోయినా రెండోది పెట్టుకోవాలి, ఒకటి రాత్రి రెండింటికి మాడిపోతే ఇంకోటి ఉండాలి కదా. ఇప్పుడు ఇళ్లలో గుండు బల్బులు లేవు, ఉన్నవన్నీ ఎల్ఈడీలు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ వేలాడదీసి "లైటు పెట్టినా చస్తున్నాయి" అంటారు. అది వెలుగిస్తుంది, వేడి ఇవ్వదు. వేడికి గుండు బల్బో ఇన్‌ఫ్రారెడ్ బల్బో కావాలి. దాన్ని కరెంటు వైరుతో కాకుండా గొలుసుతో కట్టాలి. వైరు జారి బల్బు ఊకలో పడితే పిల్లలతో పాటు షెడ్డూ పోతుంది. కరెంటు పోతే కుంపటి పెడతారు కొందరు. నాలుగు పక్కలా పరదాలు కట్టిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడమంటే విషపు పొగ పెట్టినట్టే. దానికంటే వేడినీళ్లు పోసిన ప్లాస్టిక్ సీసాలకు గోనెగుడ్డ చుట్టి మధ్యలో పెట్టడం నయం.

థర్మామీటరు లేదా? పిల్లల్ని చూడండి, అవే చెబుతాయి. రాత్రి పదింటికి చప్పుడు చేయకుండా వెళ్లి నిలబడండి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టగా ఉండి, సన్నగా ఏకధాటిగా అరుస్తుంటే చలి. ఆ గుట్టలో అడుగున ఉన్నవి తెల్లారేసరికి ఊపిరాడక చనిపోతాయి. బల్బుకు దూరంగా అంచుల్లో చేరి రెక్కలు దించుకొని, ముక్కు తెరిచి ఎగపోస్తుంటే వేడి. అన్నీ ఒక మూలకే నక్కితే ఎదుటి వైపు నుంచి గాలి కొడుతున్నట్టు. సరిపోయిన రోజున అవి అంతటా పరుచుకొని, కాళ్లు బారచాపి పడుకొని, అక్కడక్కడా ఒకటి లేచి రెండు గింజలు పొడిచి మళ్లీ పడుకుంటాయి. పెద్దగా శబ్దం ఉండదు. చూస్తే చచ్చిపోయాయేమో అనిపించేంత హాయిగా నిద్రపోతాయి.

పిల్లల చుట్టూ అడుగున్నర ఎత్తు రేకుతోనో అట్టతోనో గుండ్రంగా కట్టు కట్టాలి. చదరంగా కడితే మూలల్లో తొక్కుకుంటాయి. యాభైకి అయిదడుగుల అడ్డకొలత సరిపోతుంది, వారం దాటాక కట్టు వెడల్పు చేసుకుంటూ పోవాలి. పెట్టెలో పట్టాయి కదా అని అదే జాగాలో నెలరోజులు ఉంచితే ఈకలు పీక్కోవడం, తోక దగ్గర పొడుచుకోవడం మొదలు. ఒకసారి నెత్తురు కనబడిందంటే మిగతావి వదలవు.

కింద పరిచేదానికి వరి ఊక రెండు మూడంగుళాలు. మొదటి మూడు రోజులు ఊకను తినకుండా పైన పేపరు వేస్తారు. నున్నటి పేపరు మీద కాళ్లు జారి పక్కలకు చాపుకుపోయి అవిటివవుతాయి, గరుకుగా ఉండే అట్ట గానీ పాత గోనె గానీ మేలు. మన తిరుపతి, చిత్తూరు వైపు ఊక దొరక్కపోతే వేరుశనగ పొట్టు వాడతారు. పొడిగా, కొత్తగా ఉంటే ఇబ్బంది లేదు. మిల్లు పక్కన వానకు తడిసి నల్లబడిన కుప్ప ఉచితంగా ఇచ్చాడని బండికెత్తుకొస్తేనే చిక్కు. అందులోని బూజు గాల్లో లేచి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు తెరిచి ఎగపోస్తూ చస్తాయి, దానికి మందు లేదు. వేరుశనగ చెక్కదీ ఇదే కథ. బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, కాలేయాన్ని తినేస్తుంది. ఆవులకు పెట్టేదేగా అని పిల్లల మేతలో కలపొద్దు.

మేత గురించి క్లుప్తంగా: వచ్చిన వెంటనే మేత కాదు, నీళ్లు. లీటరుకు రెండు మూడు చెంచాల బెల్లం కలిపిన గోరువెచ్చని నీళ్లు ఒక పూట. ఒక్కొక్క పిల్ల ముక్కును నీళ్లలో ముంచి చూపిస్తే నేర్చుకుంటుంది, మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. రెండు మూడు గంటల తర్వాత స్టార్టర్ మేత, అంటే చిన్న పిల్లలకని అమ్మే మేత. అందులో 20 నుంచి 22 శాతం ప్రొటీను ఉంటుంది, వట్టి నూకల్లో దాంట్లో సగమూ ఉండదు. మొదటి వారం పిల్లకు రోజుకు పది గ్రాముల లోపే, ఆరో వారానికి ముప్పై అయిదు, నలభై. ఇంత తక్కువ తినే వయసులో మేత దగ్గర పిసినారితనం ఎందుకో అర్థం కాదు. మొదటి రాత్రి నాలుగైదు పిల్లల్ని చేతిలోకి తీసుకొని గొంతు కింది మేత తిత్తి తడిమి చూడండి. మెత్తగా నిండుగా తగలాలి. ఖాళీగా ఉంటే అవి మేత దాకా చేరలేదన్నమాట, వెలుగో వేడో సరిపోలేదు.

ఇక పరదాల మీద కోపం. చలి అని నాలుగు పక్కలా టార్పాలిన్ పైదాకా బిగిస్తారు. మనం నిలబడితే ముక్కుకు ఏమీ తెలియదు. ఒకసారి ఊక మీద గొంతుక్కూర్చొని పిల్ల ముక్కు ఎత్తులో ఊపిరి పీల్చండి. కళ్లు మండితే అది అమ్మోనియా. తడిసిన ఊక, రెట్ట కలిసి పుట్టించేది. మనకు క్షణం మంట, వాటికి రోజంతా. కళ్లు ఉబ్బుతాయి, గురక మొదలవుతుంది. అప్పుడు దగ్గు మందు పోస్తారు! పరదాను కింద నుంచి కట్టి పైన అడుగు జాగా వదలాలి. చెడుగాలి పైనుంచి పోతుంది, చలిగాలి పిల్లలకు నేరుగా తగలదు. చాలామంది తలకిందులుగా పైన బిగించి కింద వదిలేస్తారు.

ఊక పరీక్ష కూడా సులువే. గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదలండి. పొడిపొడిగా రాలితే బాగుంది. ముద్దగా నిలిస్తే తడెక్కింది, ఆ చోటు ఎత్తి పారేసి కొత్తది వేయాలి. ఎక్కువ తడి నీళ్ల డబ్బా చుట్టూనే. డబ్బాను ఇటుక మీద పెట్టి పిల్ల వీపు ఎత్తుకు లేపితే సగం తడి తగ్గుతుంది. మూడో వారం నుంచి ఆరో వారం మధ్య వచ్చే రక్త పారుడు, అదే కాక్సిడియోసిస్, ఈ తడిలోనే పుడుతుంది. రెట్టలో పడ్డ ఆ రోగపు సూక్ష్మజీవి గుడ్లు వెచ్చని తడి ఊకలో ఒకటి రెండు రోజుల్లో అంటించే దశకు వస్తాయి. ఆంప్రోలియం అనే మందు ఇస్తే తగ్గుతుంది, కానీ ఊక మార్చకుండా మందు ఇస్తే మళ్లీ అదే తిని మళ్లీ అదే తెచ్చుకుంటాయి.

టీకాల విషయంలో మాత్రం వాదన లేదు. అయిదు నుంచి ఏడో రోజు లోపు లసోటా (కొక్కెర తెగులు టీకా) కంట్లో చుక్క, పద్నాలుగో రోజు గంబోరో తెగులు టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరేడు వారాలకు మశూచి టీకా, ఎనిమిదో వారం మళ్లీ కొక్కెర తెగులుకే ఆర్‌టూబీ సూది. కొక్కెర తెగులు వచ్చాక చేసేదేం లేదు. సీసాను ఐసులో తేవాలి, కలిపిన గంటా రెండు గంటల్లో అయిపోగొట్టాలి. చొక్కా జేబులో వేసుకొని ఎండలో బండి మీద తెచ్చిన టీకా వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే.

గూడు ప్లానుకు ముందు క్యాలెండరు తీయాలి. పిల్ల బయటికి వెళ్లేది అయిదారు వారాలకు, ఒంటి నిండా ఈకలు వచ్చాక. అక్టోబరులో కొన్న పిల్ల సరిగ్గా నవంబరు, డిసెంబరు తుపాను వానల్లో బయట అడుగు పెడుతుంది. 2021 నవంబరు వానలు తిరుపతి జనానికి గుర్తుండే ఉంటాయి, షెడ్డు చుట్టూ మోకాల్లోతు నీళ్లుంటే కోళ్లు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. మార్చిలో కొంటే ఏప్రిల్, మే ఎండ. శ్రీకాళహస్తి, రేణిగుంట వైపు అయితే నలభై దాటుతుంది. జూన్ చివర, జూలైలో తెస్తే వానలు ముదిరేలోపు గట్టిపడతాయి. మే నెల తిరుపతి గంగమ్మ జాతరకు అమ్ముదామనుకుంటే డిసెంబరు మొదట్లో తేవాలి, నాటుకోడి అమ్మే బరువుకు రావడానికి అయిదు నెలలు పడుతుంది. కానీ అదే డిసెంబరులో పలమనేరు, కుప్పం వైపు రాత్రి చలి వేరు, తిరుపతి చలి వేరు. కింద తిరుపతిలో పనిచేసిన బల్బు లెక్క పైన అక్కడ పనిచేయదు. ఇంకొకటి, మామిడి తోటలో వదులుదామనుకునేవాళ్లకు: ఆ పిల్లలు జనవరిలో బయటికి వచ్చేసరికి తోటల్లో పూతకు మందు కొట్టే కాలం. పురుగు మందు పడిన గడ్డి, చచ్చిన పురుగులు రెండూ కోళ్లకు ప్రమాదమే. మన తోటలో కొట్టకపోయినా పక్క తోటలో ఎప్పుడు కొడతారో అడిగి పెట్టుకోవాలి.

షెడ్డు పొడవు తూర్పు పడమరగా ఉండాలి, ఎండ నేరుగా లోపలికి రాదు. యాభై పెద్ద కోళ్లకు రాత్రి పడుకోవడానికి తలా రెండు చదరపు అడుగుల లెక్కన వంద చదరపు అడుగులు చాలు. పగలు తిరగడానికి తలా పది చదరపు అడుగులు తక్కువలో తక్కువ. నేలను చుట్టుపక్కల కంటే అడుగున్నర లేపి, సిమెంటు వేసి, ఒక వైపుకు వాటం ఇవ్వాలి. పొడవు పక్కల గోడ అడుగున్నర మించొద్దు, పైనంతా మెష్. తూర్పు, పడమర చివరి గోడలు మాత్రం పైదాకా. మన దగ్గర తుపాను జల్లు ఈశాన్యం నుంచి కొడుతుంది కాబట్టి ఉత్తరం వైపు చూరు మూడడుగులు ముందుకు రావాలి. రేకు కప్పు అయితే పైన తెల్ల సున్నం, ఎండాకాలం కొబ్బరి మట్టలు గానీ చెరకు ఆకు గానీ పరవాలి. వట్టి రేకు కింద మే నెల మధ్యాహ్నం మనం పది నిమిషాలు కూర్చోలేం, చెమట పట్టని కోడి ఎలా కూర్చుంటుంది?

మెష్ దగ్గర అందరూ చేసే పొరపాటు ఆరు మూలల సన్న వల కొనడం. అది కోడిని లోపల ఆపుతుంది గానీ ముంగిసను, ఎలుకను, పామును బయట ఆపదు. కింది మూడడుగులు అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ (అతికిన గట్టి ఇనుప వల) ఉండాలి. అదీ నేల దగ్గర ఆగిపోకుండా అడుగు లోతు పాతాలి, లేదా బయటికి అడుగున్నర మడిచి పైన రాళ్లు, మట్టి వేయాలి. తవ్వే జంతువు గోడ వారనే తవ్వుతుంది, మెష్ తగిలితే వదిలేస్తుంది. తలుపు కింద రెండు వేళ్లు దూరే సందుంటే ఎలుకకు రాజమార్గం. బావురుపిల్లి వదులు గొళ్లేన్ని కొట్టి కొట్టి తీసేస్తుంది, కాబట్టి గొళ్లెం, దానికి చీల రెండూ ఉండాలి. పగటి దొడ్డి పైన వల లేకపోతే కాకి, డేగ రెండూ లెక్క చూసుకుంటాయి.

కోళ్లు రాత్రి ఎక్కి కూర్చునే దండెం కర్రలు రెండంగుళాల మందం, కోడికి ఎనిమిదంగుళాల జాగా, అన్నీ ఒకే ఎత్తులో. ఎత్తు తేడా ఉంటే పై కర్ర కోసం రోజూ సాయంత్రం కొట్లాటే. గుడ్ల పెట్టె అయిదు పెట్టలకు ఒకటి, అడుగు చదరం, దండెం కంటే కిందుగా.

గూడు మారిన పిల్లల్ని మొదటి మూడు నాలుగు రోజులు కొత్త షెడ్డులోనే మూసి ఉంచాలి, ఇల్లు ఇదేనని తెలియాలి. తర్వాత సాయంత్రం ఒక గంట వదలడం, చీకటి పడకముందే లోపల మేత గలగలలాడించి పిలవడం. వారం రోజుల్లో అవే లోపలికి వస్తాయి.

పిల్లలకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పని చేయండి. షెడ్డు పూర్తయ్యాక ఈశాన్యం వైపు నిలబడి నాలుగు బకెట్ల నీళ్లు ఏటవాలుగా విసిరి కొట్టండి, లోపల నేల తడిసిందేమో చూడండి. మిట్ట మధ్యాహ్నం లోపల గొంతుక్కూర్చొని పావుగంట ఉండండి. రాత్రి లోపల లైటు వేసి బయటి నుంచి చుట్టూ తిరగండి, నేలకు దగ్గరగా ఎక్కడ వెలుగు కారుతుందో అక్కడ సిమెంటు పూయండి. ఆ సిమెంటు ఆరాక పిల్లలు అమ్మే హేచరీకి ఫోను చేయండి.