వేటకు ముందు ఆకాశంలో గాలింపు ఎందుకు తప్పు

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఆగస్టు 1 నుంచి జనవరి 31 వరకు, వేటకు సాయపడే ఉద్దేశంతో విమానంలో తిరిగి జింకల జాడ తీయడం నేరం. అక్కడి వన్యప్రాణి కమిషన్ 2017లో ఈ నిబంధన తెచ్చింది. చేతిలో తుపాకీ లేదు, జింకకు దెబ్బ తగల్లేదు, సీజన్ ఇంకా మొదలే కాలేదు. అలాంటప్పుడు పైనుంచి చూసినంత మాత్రాన నేరం ఎలా అవుతుందని అడిగేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. నాకు మాత్రం వయోమింగ్ చేసింది సరైన పనే అనిపిస్తోంది. మిగతా రాష్ట్రాల్లో కొన్ని ఈ విషయంలో సగం దూరం వచ్చి ఆగిపోయాయి.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అంటేనే నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు, చుక్కల దుప్పి తెలంగాణకు రాష్ట్ర జంతువులు. అందుకే వేటలో న్యాయం, అన్యాయం అనే చర్చ మనకు కొత్తగా ఉంటుంది. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ అడవి జంతువు ఎవరి పొలంలో మేసినా ఆ పొలం యజమాని సొత్తు అయిపోదు. అది ప్రజలందరిదీ, వాళ్ల తరఫున రాష్ట్రం చూసుకుంటుంది. ఏ ప్రాంతంలో ఎన్ని జింకలను వేటాడొచ్చో లెక్క కట్టి దాన్ని బట్టి అనుమతులు ఇస్తుంది. వీటినే ట్యాగులంటారు. లైసెన్సు ఫీజులు, 1937 నాటి చట్టం కింద తుపాకులు, తూటాల మీద వసూలు చేసే 10, 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పెద్ద ఆదాయం. మంచి కొమ్ముల జింకలున్న ప్రాంతాల్లో ట్యాగులకు లాటరీ తీస్తారు. పేరున్న చోట్ల ఒక్క ట్యాగు కోసం ఏళ్ల తరబడి దరఖాస్తు పెట్టుకుంటూ కూర్చునేవాళ్లున్నారు. విమానం మీద అంత గొడవ ఎందుకో ఇక్కడి నుంచి చూస్తేనే తెలుస్తుంది.

పడమటి కొండల్లో వేటగాళ్లు ఎక్కువగా కోరుకునేది మ్యూల్ డీర్ అనే జింకను. వేసవిలో దీని మగ జింకలు చెట్లు కూడా పెరగని ఎత్తుకు చేరి, కొండల మధ్య పచ్చిక లోయల్లో చిన్న చిన్న గుంపులుగా మేస్తుంటాయి. అప్పటికి కొమ్ములు ఇంకా లేతగా ఉంటాయి, వాటి మీద నూగు చర్మం ఉంటుంది. ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో ఆ చర్మం ఊడిపోయి కొమ్ము గట్టిపడుతుంది. ఆ తర్వాత జింకలు ఆరుబయట తిరగడం తగ్గించి చెట్ల మాటుకు పోతాయి. అంటే ఏ జింక కొమ్ములు ఎంత పెద్దవో చూసుకోవడానికి జూలై చివర, ఆగస్టు మొదటి వారాలకు మించిన సమయం ఏడాది మొత్తంలో లేదు.

నేల మీద వెతికేవాడు తెల్లవారక ముందే కొండెక్కాలి. దుర్భిణి పెట్టుకుని గంటల తరబడి ఒకే చోట కూర్చోవాలి. ఒక లోయను సరిగ్గా చూడటానికి రోజంతా పోతుంది, పక్క లోయకు వెళ్లాలంటే ఇంకో రోజు కావాలి. అంత చేసినా ఏమీ కనిపించకుండానే దిగిరావాల్సి రావచ్చు. అదే పైపర్ సూపర్ కబ్ లాంటి తేలికపాటి విమానం నెమ్మదిగా, తక్కువ ఎత్తులో తిరగగలదు. ఒక్క ఉదయం పూటలో ఒక కొండల వరుసనంతా చూసి రావచ్చు. పెద్ద కొమ్ముల జింక కనిపించిన చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుంటే పైన పని అయిపోయినట్టే. ఆ తర్వాత డబ్బు తీసుకుని వేటగాడికి దారి చూపే గైడ్, అతని మనుషులు కింది నుంచి వెళ్లి, సీజన్ మొదలయ్యేదాకా దాని మీద కన్నేసి ఉంచుతారు.

ఇక్కడ జింక స్వభావం వేటగాడికి కలిసొస్తుంది. మ్యూల్ డీర్ తన వేసవి మేత చోటును సులువుగా వదలదు, ఏటా అదే కొండకు తిరిగి వస్తుంది. కాబట్టి ఆగస్టు మొదట్లో దొరికిన జాడ మర్నాటికే పాతబడిపోదు. వారాల తర్వాత కూడా పనికొస్తుంది. చట్టాలు రాసినవాళ్లలో చాలామంది పట్టించుకోనిది దీన్నే.

ఆ చట్టాలు ఎలా వచ్చాయో చూస్తే కారణం అర్థమవుతుంది. 1969లో ఎన్‌బీసీ టీవీ ఒక డాక్యుమెంటరీలో విమానాల నుంచి తోడేళ్లను కాల్చడం చూపించింది. దేశమంతా జనం మండిపడ్డారు. అలాస్కాలో అప్పటికే రెండేసి విమానాలు జంటగా మంచు మీద ధ్రువపు ఎలుగుబంట్లను వెంటాడుతుండేవి. ఆ పద్ధతి 1972 దాకా ఆగలేదు. వయోమింగ్‌లో గొర్రెల పెంపకందారుల కోసం హెలికాప్టర్ల నుంచి వందల గద్దలను కాల్చేశారన్న సంగతి 1971లో సెనేట్ విచారణలో బయటపడింది. అదే ఏడాది నవంబర్‌లో ఫెడరల్ చట్టం వచ్చింది. విమానం నుంచి జంతువును కాల్చడం, విమానంతో జంతువును తరమడం రెండూ నేరమని ఆ చట్టం చెప్పింది. కాల్చకుండా, తరమకుండా ఊరికే చూసి వెళ్లిపోతే ఏమిటన్న ప్రశ్నను రాష్ట్రాలకు వదిలేసింది.

ఆ ఖాళీని ఎవరికి తోచినట్టు వాళ్లు పూడ్చారు. అలాస్కాలో విమానంలో ప్రయాణించిన మనిషి మర్నాడు తెల్లవారుజామున 3 గంటల దాకా పెద్ద జంతువులను వేటాడకూడదు. మామూలు ప్రయాణికుల విమాన సర్వీసులకు ఇది వర్తించదు. జింకకు కూడా వర్తించదు. దిగిన రోజే అక్కడ జింకను వేటాడొచ్చు. ఆరిజోనాలో ఏ ప్రాంతంలోనైనా సీజన్ తెరవడానికి 48 గంటల ముందు నుంచి సీజన్ ముగిసేదాకా అక్కడ విమానంతో, డ్రోన్‌తో జంతువుల జాడ తీయకూడదు. వయోమింగ్ మాత్రం ఏకంగా ఆరు నెలలు మూసేసింది.

అలాస్కా గడువు వెనుక ఉద్దేశం స్పష్టమే. పైనుంచి చూసి, పక్కనే దిగి, పది నిమిషాల్లో కాల్చేసే పద్ధతిని అది ఆపుతుంది. తోడేళ్లు, కారిబూ అనే ధ్రువపు దుప్పుల లాంటి ఒక చోట నిలవని జంతువుల విషయంలో ఒక రాత్రి గడువు చాలా తేడా తెస్తుంది. తెల్లారేసరికి ఆ జంతువు ఎక్కడో ఉంటుంది. నెలల తరబడి ఒకే లోయలో ఉండే మగ జింక విషయంలో ఆ ఒక్క రాత్రి వల్ల ఏం ఒరుగుతుంది? 48 గంటల గడువుకూ ఇదే లోపం. విమానం ఖర్చు పెట్టుకోగలిగినవాడు మూడో రోజు ముందే పని ముగించుకుని విమానాన్ని షెడ్డులో పెట్టేస్తాడు. ఆ నిబంధన అతని పనిలో దేన్నీ ఆపలేదు, తేదీని కొంచెం ముందుకు జరిపిందంతే.

ఆరిజోనా నిబంధనలో ఇంకో మినహాయింపు కూడా ఉంది. స్వచ్ఛంద సంస్థల ద్వారా వేలంలో, లాటరీలో అమ్మే ప్రత్యేక ట్యాగుల సీజన్ ఒక్కటే నడుస్తున్న చోట ఈ 48 గంటల లెక్క వర్తించదు. ఆ ట్యాగుల గడువు మిగతావాటి కంటే చాలా ఎక్కువ, వాటికీ లెక్క వర్తింపజేస్తే ఎప్పుడూ నిషేధమే అవుతుందన్నది పరిపాలనాపరంగా అర్థం చేసుకోదగ్గ కారణమే. ఫలితం మాత్రం మింగుడు పడదు. పడమటి రాష్ట్రాల్లో ఇలాంటి వేలాల్లో ఒక్క జింక ట్యాగు లక్షల డాలర్లు పలుకుతుంది. యూటాలోని యాంటిలోప్ దీవి ట్యాగు మూడు లక్షల డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. ఆ సొమ్ము వన్యప్రాణి సంరక్షణకే పోతుంది, దాన్ని తప్పుపట్టను. అయితే అందరికంటే ఎక్కువ డబ్బు పెట్టగలిగినవాడికే ఆకాశం కూడా ఎక్కువ రోజులు తెరిచి ఉంచడం ఏం పద్ధతి?

నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. జింక అందరిదీ అంటున్నాం. లాటరీ తీసి అందరికీ సమానంగా అవకాశం ఇస్తున్నామంటున్నాం. పదేళ్లు ఆగి ట్యాగు సంపాదించిన ఒక మెకానిక్కో, టీచరో సెలవు పెట్టుకుని కొండెక్కేసరికి, ఆ లోయలోని మంచి జింక చుట్టూ అప్పటికే వేరే వేటగాడి మనుషులు కాపలా కూర్చుని ఉంటే ఆ లాటరీకి అర్థం ఏముంటుంది? ఎక్కడ ఏ జింక ఉందన్న సమాచారం డబ్బున్నవాడి సొంతమైపోయాక, జింక ప్రజలదన్న మాట కాగితం మీద మిగులుతుంది. థియొడోర్ రూజ్వెల్ట్ 1887లో మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ వేటగాడు జంతువు మీద తగని పైచేయి సాధించకూడదని చెబుతుంది. అది మంచి మాటే. దానికి నేను ఇంకొకటి కలుపుతాను: వేటగాడు తోటి వేటగాడి మీద కూడా తగని పైచేయి సాధించకూడదు.

జంతువు సంగతీ తక్కువేం కాదు. అల్బెర్టాలో కొండ మేకలపై 1990లలో చేసిన పరిశీలనలో హెలికాప్టర్ 500 మీటర్ల లోపుకు వచ్చినప్పుడు చాలాసార్లు అవి ఉన్న చోటు వదిలి పరుగెత్తాయి. గుంపులు చెదిరిపోయిన సందర్భాలూ నమోదయ్యాయి. చలికాలానికి కొవ్వు కూడబెట్టుకోవాల్సిన నెలల్లో జంతువు ఇలా పదే పదే పరుగెత్తితే ఆ నష్టం మంచు పడ్డాక తెలుస్తుంది. అరణ్య ప్రాంతాల మీద 2,000 అడుగుల పైనే ఎగరమని విమానయాన శాఖ పైలట్లను కోరుతుంది. అది సలహా మాత్రమే. మనుషులు, కట్టడాలు లేని ఖాళీ కొండల మీద కచ్చితమైన కనీస ఎత్తు అంటూ చట్టంలో లేదు.

ఎదుటివాళ్ల వాదనలో బలం లేదని అనను. అలాస్కాలో చాలా ఊళ్లకు రోడ్డే లేదు, విమానం లేకపోతే వేట కాదు కదా, ఉప్పు కూడా ఊరు చేరదు. అక్కడ విమానం ఎక్కడాన్నే తప్పుపడితే బతుకు ఆగిపోతుంది. దీనికి అలాస్కాయే ఒక దారి చూపింది. 2015లో డాల్ గొర్రెలు అనే కొండల్లోని అడవి గొర్రెల వేట విషయంలో, ఆగస్టు 10 నుంచి సెప్టెంబర్ 20 దాకా మనుషులను దింపడానికి, ఎక్కించుకోవడానికి విమానం వాడుకోవచ్చని, గొర్రెలను వెతకడానికి మాత్రం వాడకూడదని వేట నిబంధనలు చేసే అక్కడి బోర్డు తీర్మానించింది. కొండ మీద పాకుతూ గొర్రెను సమీపిస్తుంటే నెత్తిన విమానం చక్కర్లు కొట్టి అంతా పాడు చేస్తోందని మొరపెట్టుకున్నవాళ్లు కూడా వేటగాళ్లే. ప్రయాణాన్నీ గాలింపునూ వేరు చేయొచ్చని ఆ తీర్మానం చూపించింది.

టెక్సస్ ఉదాహరణ కూడా తరచూ తెస్తారు. అక్కడ నూటికి 90కి పైగా భూమి ప్రైవేటుది. దక్షిణాన పెద్ద పెద్ద పశుక్షేత్రాల (రాంచ్‌ల) యజమానులు సీజన్‌కు ముందు ప్రభుత్వ పర్మిట్ తీసుకుని హెలికాప్టర్‌లో జింకలను లెక్కపెడతారు, ఆ లెక్కను బట్టి ఆ ఏడాది ఎన్నింటిని వేటాడాలో నిర్ణయించుకుంటారు. కంచె లోపల మందను అదుపులో పెట్టుకోవడం అది. అలాగే రాష్ట్రాల జీవశాస్త్రవేత్తలు కూడా హెలికాప్టర్ నుంచి మగ, ఆడ, పిల్లల నిష్పత్తి లెక్కిస్తారు. ఆ లెక్కే లేకపోతే ట్యాగులు ఎన్ని ఇవ్వాలో తెలియదు. మందను లెక్కపెట్టడానికి, ఒక జింకను ఎంచుకుని దాని మీద గుర్తు వేయడానికి మధ్య ఉన్న తేడాను చట్టంలో రాయడం కష్టమేమీ కాదు.

కష్టమంతా అమలు దగ్గరే. వయోమింగ్ విస్తీర్ణం రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినంతకు కాస్త తక్కువ, జనాభా ఆరు లక్షల లోపే. వేట నిబంధనలు అమలు చేసే వార్డెన్లు కొద్దిమంది. ఆగస్టులో ఒక చిన్న విమానం కొండల మీద తిరుగుతుంటే, అందులో ఉన్నవాడు పశువులను చూసుకుంటున్నాడో, ఫొటోలు తీస్తున్నాడో, జింకను వెతుకుతున్నాడో కింద నిలబడి ఎలా చెప్పగలరు? విమానం ఎక్కడుందో ప్రసారం చేసే ఏడీఎస్-బీ పరికరం 2020 నుంచి తప్పనిసరైంది కానీ పెద్ద విమానాశ్రయాల చుట్టూ, బాగా ఎత్తులో మాత్రమే. కొండల మీద తక్కువ ఎత్తులో తిరిగే చిన్న విమానానికి ఆ బాధ్యత లేదు. వయోమింగ్ నిబంధన ఉద్దేశాన్ని నిరూపించమంటుంది, ఆ నిరూపణ కోర్టులో అంత తేలిక కాదు. ఈ ఒక్క విషయంలో అలాస్కా పాత నిబంధనే మేలు. అది మనసులో ఏముందని అడగదు, విమానం ఎక్కావా లేదా అని అడుగుతుంది.

డ్రోన్ల విషయంలో రాష్ట్రాలు త్వరగానే మేలుకున్నాయి. 2014లోనే కొలరాడో, అలాస్కా, మోంటానా వేటలో డ్రోన్లను నిషేధించాయి. ఆరిజోనా ఇంకో అడుగు వేసి, 2022 నుంచి జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫొటో తీసేలా వేట కోసం చెట్లకు కట్టే ట్రెయిల్ కెమెరాలను కూడా ఆపేసింది. ఎవరైనా కొనుక్కోగలిగిన చిన్న కెమెరాను పూర్తిగా నిషేధించి, కొద్దిమందికే అందే విమానానికి 48 గంటల గడువుతో సరిపెట్టడం నాకు ఎంత ఆలోచించినా సమంజసంగా కనిపించదు.

చేయాల్సింది రెండు పనులు. ఒకటి, జింక కొమ్ముల సమయాన్ని బట్టి గడువు పెట్టాలి. జూలై మధ్య నుంచి సీజన్ చివరిదాకా గాలింపును ఆపితే తప్ప నిషేధానికి బలం రాదు, వయోమింగ్ ఆగస్టు 1 కూడా కాస్త ఆలస్యమే. రెండు, నిరూపణ భారాన్ని వార్డెన్ నెత్తి మీద నుంచి తీసేయాలి. పెద్ద కొమ్ముల జంతువుల వివరాలు నమోదు చేసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ రికార్డు పుస్తకంలో జింక ఎక్కాలంటే, ఆకాశం నుంచి చూసి దగ్గర్లో దిగి వెంటాడలేదని వేటగాడు ముందే సంతకం చేయాలి. ట్యాగు చేతికిచ్చేటప్పుడు రాష్ట్రం కూడా అలాంటి సంతకమే తీసుకోవచ్చు: నేను గానీ, నాకు డబ్బు తీసుకుని పనిచేసే గైడ్ గానీ ఈ సీజన్ కోసం ఆకాశం నుంచి జాడ తీయలేదు, తీయించలేదు అని. అబద్ధమని తేలితే లైసెన్సు రద్దవుతుంది. ఒక రాష్ట్రం లైసెన్సు రద్దు చేస్తే ఆ రద్దును మిగతా రాష్ట్రాలూ గుర్తించే ఒప్పందం ఇప్పటికే దాదాపు దేశమంతా అమల్లో ఉంది. లక్షల డాలర్లు పోసి ట్యాగు కొనేవాడికి జరిమానా లెక్కలోకి రాకపోవచ్చు, ఏ రాష్ట్రంలోనూ ఇక వేటాడలేకపోవడం మాత్రం లెక్కలోకి వస్తుంది.