పిల్లోడు పెరుగుతాడు, పారాచ్యూట్ చిన్నదవుతుంది

సైజుల విషయంలో మా తిరుపతి వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. జూన్‌లో యూనిఫాం కొలతలిచ్చేటప్పుడు "పెరిగే పిల్లోడప్పా, రెండు సైజులు ఎక్కువే పెట్టు" అంటాం, బూట్ల ముందు దూది కుక్కుతాం, ప్యాంటు కింద నాలుగంగుళాలు మడిచి కుట్టించి ఏడాదికొక మడత విప్పుకుంటూ పదో తరగతి దాకా లాగేస్తాం. ఇంత ముందుచూపున్న మనుషులం, ప్రాణం వేలాడే గుడ్డ దగ్గరికొచ్చేసరికి మాత్రం చిన్న సైజు అడుగుతున్నాం.

మా బావమరిదికి దుబాయ్‌లో ఉద్యోగం. విమానంలోంచి 30 సార్లు దూకాడు. 25కే సొంతంగా దూకొచ్చనే తొలి మెట్టు 'ఏ' లైసెన్స్ వస్తుంది కాబట్టి ఇప్పుడాయన భూమ్మీద వాళ్లతో కాస్త తగ్గించి మాట్లాడతాడు. మొన్న సెలవుకొచ్చి, 135 చదరపు అడుగుల పారాచ్యూట్ కొంటున్నానన్నాడు. 210 తీసుకోరాదా అంటే, "అది స్టూడెంట్లది బావా, బస్సు తోలినట్టు ఉంటాది" అన్నాడు. బస్సులో పోయేవాళ్లు ఇంటికి చేరతారన్న సంగతి ఆయన దృష్టికి రాలేదు.

సరే, లెక్క కడదాం రా అన్నాను. ముందు బరువు కావాలి, వొంటి బరువొకటే చాలదు, బట్టలు, హెల్మెట్, వీపు మీది మూట అన్నీ కలిపి తూగాలి. బస్టాండు దగ్గర మిషన్ ఎక్కితే 82. "పొద్దున పెసరట్లు తిన్నాలే" అన్నాడు. కొండకు పోయి తలనీలాలిచ్చి వచ్చి మళ్లీ ఎక్కాడు. 82. మూటకు ఒక పది వేసుకుంటే 92 కిలోలు, అంటే 203 పౌండ్లు. దాన్ని పారాచ్యూట్ చదరపు అడుగులతో భాగిస్తే వచ్చేది వింగ్ లోడింగ్, అంటే ఒక్కో చదరపు అడుగు గుడ్డ మోసే బరువు; అది ఎంత పెరిగితే గుడ్డ అంత జోరుగా దిగుతుంది. 210 అయితే ఒకటికి లోపలే, 135 అయితే ఒకటిన్నర.

బ్రయన్ జర్మైన్ అనే శిక్షకుడు ఒక హద్దు గీశాడు: మొదట్లో 1 దాటొద్దు, ఆ పైన ప్రతి 100 జంపులకు 0.1 పెంచుకోవచ్చు. ఆ లెక్కన ఒకటిన్నరకు 500 జంపులుండాలి. ఇంకా 470 బాకీ నాయనా అంటే, "నాకు తెలిసినోళ్లున్నారు, మాట్లాడతా" అన్నాడు. కొండ మీద బ్రేక్ దర్శనానికైతే లెటర్ పట్టుకుపోవచ్చు గానీ, గాలికి లెటర్ రాసిచ్చే ఎమ్మెల్యే ఇంకా మన జిల్లాలో గెలవలేదు.

చిన్న పారాచ్యూట్‌తో లాభాలు లేవని నేననను. కిందికి తొందరగా వచ్చేస్తాం, బోలెడు టైము మిగులుతుంది. నేలకు దగ్గర్లో ఎవరో అడ్డమొచ్చారని ఒక పక్క తాడు గట్టిగా లాగితే, పెద్దది నిదానంగా తిరుగుతుంది, చిన్నది తిరుగుతూనే ముక్కు కిందికేసి దూకుతుంది, ఎముకల డాక్టర్లు బాగుపడతారు. ఈ ఆటలో చాలామంది పోయేది పారాచ్యూట్ తెరుచుకోక కాదు, చక్కగా తెరుచుకున్నదాని కిందే, ఆఖరి క్షణంలో అలా తిప్పి. పరామర్శకొచ్చిన బంధువులు "గుడ్డ మాత్రం బంగారమప్పా" అని మెచ్చుకుని పోవచ్చు.

మే నెల సంగతి సరేసరి. వేడిగాలి పలచన, మదనపల్లె లాగా ఎత్తయిన చోట ఇంకా పలచన, అదే గుడ్డ అక్కడ ఇంకా జోరుగా దిగుతుంది. ఇంకోటి, మూట చిన్నదైతే అందులో పట్టే రిజర్వూ, అంటే ఆపదకని పెట్టుకునే రెండో పారాచ్యూటూ చిన్నదే. స్పృహ తప్పినప్పుడు మూటలోని మిషన్ దానంతటదే రిజర్వు తెరుస్తుంది, దిగేటప్పుడు బ్రేకు లాగడానికి మాత్రం మనం తెలివిలో ఉండం.

మా మరదలు పక్కనుంచి, "నేను 50 కిలోలే, మూటతో 60. నాకు 135 సరిపోతుంది కదా" అంది. లెక్క ప్రకారం ఒకటికి లోపలే. కానీ గుడ్డ చిన్నదయ్యేకొద్దీ తాళ్లు కూడా పొట్టివవుతాయి, బరువు తక్కువైనా అది గిరుక్కున తిరిగేస్తుంది, కొత్తలో 150కి తగ్గకపోతేనే మేలు అన్నాను. బక్కవాళ్లకు ఇక్కడా న్యాయం లేదని మూతి తిప్పుకుంది.

ఈ గోలంతా వింటూ చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తగారికి పౌండ్లూ అర్థం కాలేదు, భాగహారమూ అర్థం కాలేదు. కొడుకును పైనుంచి కిందికి ఒకసారి చూసి, "పెద్దదే తీసుకోరా, వదులైతే మడిచి కుట్టిస్తాలే" అంది.