కనబడుటలేదు: ఒక గాయకుడు, అర గిటారు

డబ్ అంటే డబ్బింగ్ సినిమా అనుకుని వచ్చినవాళ్లు ముందు వరసలో కూర్చోండి, ఇది మీకోసమే. డబ్బింగ్ సినిమాలో పెదాలు ఒకటి చెబుతాయి, మాట ఇంకోటి వినిపిస్తుంది. కనీసం రెండూ ఉంటాయి. ఇక్కడ పెదాలూ లేవు, మాటా లేదు. (రెండు పదాలూ చుట్టాలేననుకోండి. ఒక రికార్డింగుని ఇంకోదాని మీదికి ఎక్కించడాన్నే డబ్ చేయడం అనేవాళ్లు.) ఈ డబ్ ఒక రకం సంగీతం. జమైకా దేశం, కింగ్‌స్టన్ నగరం, 1960ల చివర్లో మొదలై 1970లలో ముదిరిన వ్యవహారం. మీరు పాట పెడతారు, గాయకుడు గొంతు సవరించుకుని ఒక మాట అందుకుంటాడు, ఆ మాట సగంలో ఉండగానే మనిషి మాయం. మిగిలిన సగం మాట నూతిలో జారిన చెంబులా గోడలకి కొట్టుకుంటూ, కొట్టుకుంటూ, కిందికి పోతుంది. కాసేపటికి గిటారు సగం మోగి ఆగిపోతుంది. ఆర్గన్ గుమ్మంలోంచి ఓసారి తొంగిచూసి వెళ్లిపోతుంది. చివరికి మిగిలేది డ్రమ్ము, బేస్ గిటారు. మనకైతే ఈపాటికి పేపర్లో ‘కనబడుటలేదు’ ప్రకటన పడేది. వాళ్లు మాత్రం దీన్ని రికార్డులు కొట్టి అమ్మారు, జనం కొన్నారు, పైగా దీన్ని కన్న రెగే సంగీతాన్ని 2018లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. కాబట్టి బాధ్యత గల శ్రోతగా, ప్రజాహితం కోరి, కేసు పూర్వాపరాలు మనవి చేస్తున్నాను.

మొదటి నేరం పొరపాటున జరిగిందంటారు, అన్ని పెద్ద నేరాల్లాగే. స్పానిష్ టౌన్‌లో రడ్డీ రెడ్‌వుడ్ అనే ఆసామికి ఒక సౌండ్ సిస్టమ్ ఉండేది. సౌండ్ సిస్టమ్ అంటే టీవీ కింద పెట్టుకునే డబ్బా కాదు, బీరువా అంత స్పీకర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, వీధిలో డాన్సు పెట్టి, పక్క పేటవాడి దగ్గర లేని పాట మన దగ్గర ఉందని చాటుకునే వ్యాపారం. 1968 ప్రాంతంలో ఈయన డ్యూక్ రీడ్ వారి ట్రెజర్ ఐల్ స్టూడియోకి వెళ్లి పారగాన్స్ అనే గాయక బృందం పాట ఒకటి డిస్కు మీద చెక్కించుకున్నాడు. ఇంజనీరు బైరన్ స్మిత్ గొంతు ట్రాక్ కలపడం మర్చిపోయాడు. మామూలు మనిషైతే డిస్కు విసిరికొట్టి, డబ్బులు వెనక్కి అడుగుతాడు. రెడ్‌వుడ్ దాన్ని ఆ రాత్రి డాన్సులో వేశాడు. ముందు గొంతున్న పాట, వెంటనే గొంతు లేని పాట. జనం ఏం చేయాలి? గాయకుడు రాలేదు కదా అని వాళ్లే పాడేశారు, ఒక్క పైసా తీసుకోకుండా. డ్యూక్ రీడ్ ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసినవాడే, అయినా కేసు నమోదు కాలేదు.

ఇక వ్యాపారులకి లెక్క అర్థమైంది. రికార్డుకి రెండు వైపులుంటాయి, రెండో వైపు ఇంకో పాట వేయాలంటే మళ్లీ వాద్యగాళ్లు, మళ్లీ స్టూడియో అద్దె, మళ్లీ కూలి. దాని బదులు మొదటి వైపు పాటలోంచే గొంతు తీసేసి ‘వెర్షన్’ అని పేరు పెడితే సరి. రాత్రి అన్నానికి పొద్దున్నే తాలింపు పెట్టి కొత్త టిఫిన్ అని వడ్డించినట్టు. నాకు చద్దన్నం తాలింపు ఇష్టమే, అందుకని ఎక్కువ అనలేను. కానీ ఒక్క సంగతి మాత్రం వెటకారం పక్కనపెట్టి చెప్పాలి. 1967లో కింగ్‌స్టన్‌లోనే స్టూడియో వన్ అనే ఇంకో స్టూడియోలో వాయించిన ‘రియల్ రాక్’ అనే ఒకే ఒక్క వాద్య సంగీతం మీద తర్వాత వందల పాటలు కట్టారు. ఒక పెళ్లికి వాయించిన మేళంతో ఆ ఊళ్లో యాభై ఏళ్లు పెళ్లిళ్లు జరిపించడమంటే ఇదే. అలా వాయించిన చాలామందికి దక్కింది మొదటి పెళ్లి తాంబూలమే.

ప్రధాన ముద్దాయి ఆస్‌బోర్న్ రడక్ అలియాస్ కింగ్ టబ్బీ. వృత్తి రేడియోలూ యాంప్లిఫయర్లూ బాగుచేయడం, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడం. నివాసం కింగ్‌స్టన్ వాటర్‌హౌస్ పేట, డ్రొమిలీ అవెన్యూ, ఇంటి నంబరు 18. అక్కడో చిన్న గదిలో, డైనమిక్ సౌండ్స్ స్టూడియో వాళ్లు వదిలించుకున్న పాత నాలుగు ట్రాకుల మిక్సర్ (పచ్చళ్లు రుబ్బేది కాదు, ఒక్కో శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించే మీటల బల్ల) కొని పెట్టుకున్నాడు. వాద్యగాళ్లు కూర్చోడానికి చోటు లేదు, వాళ్లు వేరే స్టూడియోల్లో వాయించిన టేపులు ఇక్కడికి వచ్చేవి. గాయకుడు నిలబడ్డానికీ చోటు లేకపోతే బాత్రూమ్‌ని గొంతు రికార్డు చేసే గదిగా మార్చాడు. మనం బాత్రూమ్ సింగర్ అని ఎవరిని పడితే వాళ్లని వెక్కిరిస్తాం, జమైకాలో మహామహులు నిజంగానే బాత్రూమ్ సింగర్లు. అంత కష్టపడి అందులో నిలబడి పాడితే, టబ్బీ ఆ పాటలోంచి వాళ్లనే తీసేసేవాడు.

ఎలా తీసేవాడంటే, టేపు తిరుగుతుంటుంది, డ్రమ్ము ఒక ట్రాకు, బేస్ ఒక ట్రాకు, గిటారూ ఆర్గనూ కలిపి ఒకటి, గొంతు ఒకటి. చేతులు మీటల మీద. గొంతుని ఒక్క మాట వరకు వదిలి టక్కున మూసేస్తాడు, ఆ మాట మాత్రం ఎకో మిషన్‌లోకి దూరుతుంది. అందులో టేపు మీద ఎక్కిన శబ్దాన్ని కాస్త దూరంలో ఉన్న ఇంకో హెడ్ చదివి మళ్లీ వెనక్కి పంపిస్తుంది, అది మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ వస్తుంది, ప్రతిసారీ కొంచెం అరిగి. ఇంకో పెద్ద గుండ్రటి నాబ్ తిప్పితే బరువంతా కరిగిపోయి సింబల్, అంటే డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి పళ్లెం, దాని చప్పుడు పలచటి రేకులా సాగుతుంది. శబ్దం ఖాళీ హాల్లో మోగినట్టు చేసే రివెర్బ్ పెట్టెలో స్ప్రింగులుంటాయి, పెట్టెని ఒక్క చరుపు చరిస్తే పిడుగు పడుతుంది. ఇదంతా అప్పటికప్పుడు, చేతివాటం మీద. అదే పాట మరుసటి రోజు ఇంకోలా వస్తుంది. ఆధారాలు నిలకడగా లేవని ఏ కోర్టైనా కొట్టేసే కేసు.

నేనూ బాధితుణ్ణే. మొదటిసారి ఇంట్లో విన్నరోజు, బేస్ ఆగి అంతా నిశ్శబ్దమైన చోట సన్నగా, పొడుగ్గా ఒక ఈల వచ్చింది. ఆహా టబ్బీ, ఏం టైమింగయ్యా అని కళ్లు మూసుకున్నాను. నాలుగో ఈలకి మాడు వాసన కూడా వచ్చింది. మా ఆవిడ కుక్కర్ కట్టేయమని చెప్పి బయటికెళ్లిందని అప్పుడు గుర్తొచ్చింది.

రెండో ముద్దాయి లీ ‘స్క్రాచ్’ పెర్రీ. 1973లో వాషింగ్టన్ గార్డెన్స్‌లో తన పెరట్లోనే బ్లాక్ ఆర్క్ స్టూడియో కట్టుకున్నాడు. అక్కడా నాలుగే ట్రాకులు. చోటు చాలకపోతే నిండిన వాటిని కలిపి ఒకదానిలో కుక్కి, ఖాళీ అయిన వాటి మీద మళ్లీ ఎక్కించేవాడు, పండక్కి ఊరెళ్లే బస్సులో సర్దుకోండి సర్దుకోండి అన్నట్టు. టేపుల మీదికి గంజాయి పొగ ఊదేవాడని కూడా చెబుతారు. ఇక్కడ మనవాళ్లు మరీ నీతులు చెప్పడానికి లేదు. 1845 నుంచి మన దేశంనుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో జమైకా చెరకు తోటలకి తీసుకెళ్లారు, ‘గంజా’ అనే మాట అక్కడికి చేరింది వాళ్ల నోటనే. చివరికి ఆ స్టూడియో తగలబడిపోయింది. నేనే తగలబెట్టానని పెర్రీయే చెప్పుకున్నాడు. 2021లో 85 ఏళ్ల వయసులో పోయాడు.

టబ్బీకి అంత ప్రశాంతమైన ముగింపు దక్కలేదు. 1989 ఫిబ్రవరిలో ఆయన ఇంటి ముందే ఎవరో కాల్చి చంపారు, ఎవరన్నది తేలలేదు. శిష్యుల్లో సైంటిస్ట్ అనేవాడు 1980ల మొదట్లో రక్తపిశాచాల నుంచి లోకాన్ని కాపాడుతున్నట్టు, అంతరిక్ష దండుతో తలపడుతున్నట్టు బొమ్మల అట్టలతో ఆల్బమ్‌లు తెచ్చాడు. ఇంకో శిష్యుడు ప్రిన్స్ జామీ 1985లో చిన్న కాసియో కీబోర్డులో కంపెనీవాళ్లే పెట్టిన రిథమ్ వాడుకుని జమైకాని ఊపేశాడు. గాయకుణ్ణి తీసేస్తూ వచ్చినవాళ్లు వాద్యగాళ్లనీ తీసేశారన్నమాట. ఇంగ్లండ్‌లో జా షాకా, మ్యాడ్ ప్రొఫెసర్ లాంటివాళ్లు ఈ అంటువ్యాధిని బాగానే వ్యాపింపజేశారు.

ఇన్ని చెప్పినా వింటానంటే మీ ఇష్టం. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, అందులో బేస్ రాదు, బేస్ పోతే మీకు మిగిలేది పక్కింట్లో ఎవరో ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు. కాస్త పెద్ద స్పీకర్లో, ముందు జేకబ్ మిల్లర్ పాడిన ‘బేబీ ఐ లవ్ యూ సో’ మామూలు పాటలాగే వినండి. తర్వాత అదే పాటకి టబ్బీ, అగస్టస్ పాబ్లో చేసిన ‘కింగ్ టబ్బీ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’ వినండి, అప్పుడు ఎవరెవరు తప్పిపోయారో పేరుపేరునా తెలుస్తుంది. పాబ్లో వాయించే మెలోడికా నోటితో ఊదే బుల్లి కీబోర్డు, పిల్లల సామాను. తాళం కూడా చిక్కుపెడుతుంది. మనకి సమం మీద దెబ్బ పడకపోతే కాలు ఆడదు, వీళ్ల వన్ డ్రాప్ అనే తాళంలో నాలుగింట మొదటి దెబ్బ వదిలేసి మూడో దెబ్బ మీద బరువేస్తారు. పల్లవి ఎప్పుడొస్తుందని ఎదురుచూడకండి, రాదు. మన సినిమాల్లో పాత పాటని రీమిక్స్ చేశారంటే దానికి ఇంకో నలభై వాయిద్యాలు, ర్యాపు, ఎవరో ‘కమాన్’ అని అరవడం కలుపుతారు, కలపగా కలపగా అసలు పాట ఊపిరాడక పోతుంది. ఆ అలవాటులో ఉన్న చెవికి ఈ ఖాళీ మొదట ఇల్లు దోచుకుపోయినట్టే ఉంటుంది.

మొన్న ఆదివారం మా బావమరిది వచ్చాడు. కాఫీ తాగుతూ రెండు నిమిషాలు విని, “బావా, వైరు లూజయింది, గొంతు రావట్లేదు” అన్నాడు. చెప్పేలోపే స్పీకర్ వెనక్కి దూరి ఏదో బిగించాడు. సరిగ్గా అప్పుడే టబ్బీ మీట తెరిచాడు, జేకబ్ మిల్లర్ బేబీ అన్నాడు. “చూశావా, లూజ్ కాంటాక్టే” అని వాడు చేతులు దులుపుకుని లేచాడు. లేచేసరికి బేబీ పోయింది. మళ్లీ వంగాడు. మా ఆవిడ రెండో కాఫీ తెచ్చి టీపాయ్ మీద పెట్టి, వంగి ఉన్న తమ్ముడి వీపు వైపు, నా వైపు చూసింది. నేనేమీ మాట్లాడలేదు, బేస్ బాగా వస్తోంది.